ఎనిమిది పాటలు, ఒక గీత

సోమవారం ఉదయం 9.10కి జ్ఞానశేఖర్ తన రికార్డింగ్ స్టూడియో తాళం తీశాడు. 9.20కి పోలీస్ స్టేషన్‌కు ఫోన్ చేశాడు.

పోయింది ఒకే ఒక్క వస్తువు. కంప్యూటర్ పక్కన విడిగా పెట్టుకునే హార్డ్ డిస్క్. చిన్న టిఫిన్ డబ్బా అంత ఉంటుంది.

అది 2005 జూలై 11. ఎస్సై సుధారాణి 9.45కి ఆ మేడ మెట్లెక్కింది. వెనక కానిస్టేబుల్ ఆదెప్ప. మదనపల్లె మీద సన్నగా తుంపర పడుతోంది. కింద రోడ్డు మీద టమాటా లారీలు పోతున్నాయి. ఆ పచ్చి వాసన మేడ దాకా వచ్చింది. సుధారాణి ఒక క్షణం ఆగి గట్టిగా పీల్చుకుని లోపలికి వెళ్ళింది.

ముందు గదిలో పాడేవాళ్ళు కూర్చునే బెంచీలు, ఒక మూల టీవీ. లోపలి గదిలో కంప్యూటర్, స్పీకర్లు, మైకులు.

జ్ఞానశేఖర్ బెంచీ మీద ఉన్నాడు. యాభై రెండేళ్ళ మనిషి. మిషన్ ఆసుపత్రి నుంచి కుప్పం దాకా ఏ చర్చి పాటల సీడీ అయినా ఆయన చేతి మీదుగానే వస్తుంది. శేఖర్ సార్ చెవి అంటే చెవి అంటారు.

"ముందు ఆ టీవీ ఆపండి సార్. చెవుల్లో గుచ్చుతోంది."

"ఆపే ఉండాది గదమ్మా."

తెర నల్లగానే ఉంది. సుధారాణి వెళ్ళి స్విచ్ ఆపి వచ్చింది. నోట్‌బుక్ తెరిచింది.

"తాళం పగలగొట్టారా?"

"లేదమ్మా."

"తాళంచెవులు ఎన్ని?"

"రెండు. నా దగ్గిరొకటి, రోషన్ దగ్గిరొకటి. నా అసిస్టెంట్. కుప్పం వాడు. మూడేండ్లుగా ఈడ్నే పని చేస్తాండాడు."

"డిస్క్ చివరిసారి ఎప్పుడు చూశారు?"

"శనివారం. సాయంత్రం ఐదున్నరకు రోషన్ కుప్పం బస్సుకు పోయినాడు. వాని వెనకాల్నే నేను తాళమేసుకొని ఇంటికి పోతిని. నిన్న ఆదివారం, చర్చి. మళ్ళా ఈ పొద్దే తీసింది."

"డిస్క్‌లో ఏముంది?"

"సరోజమ్మ పాటలు. ఎనిమిది. పుంగనూరు ఆమె. రాగులు విసిరేటప్పుడు పాడే పాటలు. లేవలేని మనిషి గాబట్టి మే నెలలో నేనే ఇంటికి పోయి రికార్డ్ చేసుకొస్తిని. పోయిన నెల చనిపోయింది."

"కాపీ ఉందా?"

"లేదు."

"ఎవరిమీదైనా అనుమానం?"

"కుప్పంలో గోవిందప్ప అని సీడీల అంగడి. ఆ పాటలు నాకియ్యండి అని రెండుసార్లు ఫోన్ చేసినాడు. సరోజమ్మ కూతురు ఒప్పుకోల్యా." నేల వైపు చూస్తూ అన్నాడు. రోషన్ పేరు మళ్ళీ ఎత్తలేదు. ఎత్తాల్సిన అవసరమూ లేదు. తాళంచెవి, కుప్పం. రెండు మాటలు చాలు.

లోపలి గదిలో స్టాండుకు మంచి మైకు అలాగే ఉంది. దొంగ దాన్ని ముట్టలేదు. డిస్క్‌కు తగిలించే వైరు బల్ల మీద ఉంది. గుండ్రంగా చుట్టి, రబ్బరు బ్యాండు వేసి.

"శానా బుద్ధిమంతుడైన దొంగమ్మా," అన్నాడు ఆదెప్ప. "మా ఇంట్లో పిల్లోళ్ళు కూడా ఇట్ల సుట్టి పెట్టరు."

* * *

పుంగనూరు. మధ్యాహ్నం 12.15.

సరోజమ్మ కూతురు మునీశ్వరి బాలవాడి టీచరు. ముప్పై ఏళ్ళుంటాయి. చేటలో బియ్యం ఏరుతోంది. పోలీసులను చూసి లేచి నిలబడింది. మొహంలో భయం లేదు. ఏమీ లేదు.

ఒకే గది. నులక మంచం. దానికి ఎదురుగా టీవీ, దాని మీద తువ్వాలు కప్పి ఉంది.

"డిస్క్ పోయిందమ్మా," అంది సుధారాణి.

"సార్ ఫోన్ చేసి చెప్పినాడు."

"రికార్డింగ్ రోజు ఇక్కడ ఎవరెవరు ఉన్నారు?"

"అమ్మ, నేను, సార్. రోషన్‌కు పరీక్షలని రాల్యా."

"ఆ పాటలు నువ్వు విన్నావా?"

"ఇంకా లేదు. ఈ పొద్దు పదకొండింటికి రమ్మనింటిరి. రోషన్, సార్, నేను కూర్చొని వినేదానికి."

"ఈ రోజేనా?"

"ఈ పొద్దే."

సుధారాణి రాసుకుంది. మునీశ్వరి మళ్ళీ చేట ముందు కూర్చుంది. తనే మాట్లాడింది.

"అమ్మ పోయి ఇరవై మూడు దినాలాయె మేడం. నాకు ఏడుపు రాల్యా. బడికి పోతాండాను, వండుకుంటాండాను, నిద్ర కూడా పడతాండాది. పక్కింటి మునెమ్మ అయితే ఇది రాయే అని నా మొగం మీదే అనింది. ఆమె గొంతు వింటే వస్తాదేమో అని కాసుకొని ఉంటిని." ఒక రాయి తీసి పక్కన పడేసింది. "ఇంగ యాడ వినేది."

ఆదెప్ప గుమ్మం బయటికి చూశాడు.

* * *

పలమనేరులో ఆగి బజ్జీలు తిన్నారు. కుప్పం చేరేసరికి 3.40.

గోవిందప్ప అంగడిలోనే ఉన్నాడు. చెవిలో పెన్ను, బనియన్ మీద తువ్వాలు.

"అడిగినాను తల్లీ, లేదనను. మా అమ్మ కూడా రాగులు ఇసురుతా అట్లనే పాడతాండె. కొత్త సినిమా పాటలు నా దగ్గిర వెయ్యి ఉండాయి, ఇదొక్కటి లేదు. దానికోసరం దొంగతనం చేస్తానా? నా బరువుకు ఆ మేడ మెట్లెక్కితే దిగేదానికి ఇంకొక దినం పడతాది."

శనివారం, ఆదివారం అంగడి వదల్లేదని పక్క అంగళ్ళవాళ్ళు ముగ్గురు చెప్పారు.

రోషన్ ఇంట్లో ఉన్నాడు. ఇరవై నాలుగేళ్ళు, సన్నగా, కళ్ళద్దాలు. పిన్ని కూతురి నిశ్చితార్థానికి వచ్చాడు. పొద్దున బస్సు తప్పిపోయి పదకొండింటికి మదనపల్లె చేరలేకపోయాడు. డిస్క్ పోయిందని చెబితే గోడకు ఆనుకున్నాడు.

"నేనేనా మేడం?"

"తాళంచెవి నీ దగ్గర ఉంది కదా."

"ఉండాది." జేబులోంచి తీసి ఇచ్చాడు.

బ్యాగులో బట్టలు, శనివారం బస్సు టికెట్టు, ఒక సీడీ, మడిచిన కాగితం దొరికాయి. టికెట్టు మీద బయలుదేరిన టైము 5.50. కాగితం మీద మూడు పేర్లు, వాటి కింద మంచి, చెడు అని వరుసలు.

"ఇదేమిటి?"

"ఫ్రీక్వెన్సీ చూపించే సాఫ్ట్‌వేర్లు మేడం. పాట మిక్స్ అయినాక కంటితో సరి చూసుకొనేదానికి ఒకటి కావాల, మంచిదేదో సూడు అని సార్ అడిగినాడు. బెంగళూరులో ఫ్రెండ్ దగ్గిర మూడు డెమోలు తెచ్చినాను. శనివారం నాలుగింటికి స్టూడియో కంప్యూటర్‌లో ఎక్కించినాను."

"మూడూ ఒకటే పని చేస్తే మూడెందుకు?"

అతని గొంతులో మొదటిసారి ప్రాణం వచ్చింది.

"ఒకటే పని కాదు మేడం. మొదటిది బార్లు. లావు శబ్దం ఎడమ, సన్న శబ్దం కుడి. పాటతోబాటు ఎగురుతా ఉంటాయి. ఈ క్షణం ఏముందో అంతే చెప్తుంది, తర్వాత మర్చిపోతుంది. రెండోది గీత. పాటంతా కలిపి సగటు తీస్తుంది. ఎక్కువ తక్కువలు తెలుస్తాయి గానీ ఏది ఎప్పుడొచ్చిందో తెలీదు. మూడోది బొమ్మ. మొదట్నుంచి కడవరకు పాటంతా పరిచి చూపిస్తుంది. అడ్డంగా టైము, నిలువుగా ఫ్రీక్వెన్సీ, కింద లావు శబ్దం, పైన సన్న శబ్దం. ఏ శబ్దం ఎప్పుడొచ్చింది, ఎంతసేపుంది, అంతా రంగుల్లో ఉంటాది."

"ముగ్గురు సాక్షులన్నమాట," అంది సుధారాణి. "నువ్వు ఏది కొనమన్నావు?"

"బొమ్మది. కానీ సార్ చెవికి ఇవన్నీ యాల మేడం? నేను లోపల్లోపల నవ్వుకుంటిని కూడా."

సుధారాణి కాగితం మడిచి జేబులో పెట్టుకుంది. "ఆ సాఫ్ట్‌వేర్ తెరిచిన ఫైళ్ళు గుర్తు పెట్టుకుంటుందా?"

"పెట్టుకుంటాది. గీసిన బొమ్మ కూడా దాచి పెట్టుకుంటాది. మళ్ళీ తెరిస్తే తొందరగా రావాలని."

"ఎక్కడ? డిస్క్‌లోనా?"

"కాదు. కంప్యూటర్‌లోనే."

* * *

మంగళవారం ఉదయం 10.30. స్టూడియో లోపలి గది.

జ్ఞానశేఖర్ తన కుర్చీలో. మునీశ్వరి బెంచీ చివర. గోవిందప్ప రెండు మెట్లకోసారి ఆగుతూ వచ్చి చెమట తుడుచుకుంటున్నాడు. రోషన్ కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. తలుపు దగ్గర ఆదెప్ప.

"మూడో సాఫ్ట్‌వేర్ తెరువు," అంది సుధారాణి. "దాచుకున్న బొమ్మలు చూపించు."

మౌస్ చప్పుడు. తెర మీద ఎనిమిది పేర్లు వచ్చాయి. పుంగనూరు ఒకటి, పుంగనూరు రెండు, అలా ఎనిమిది.

"టైము చదువు."

"మొదటిది శనివారం సాయంత్రం 6.12. ఎనిమిదోది 6.54."

గోవిందప్ప చెమట తుడుచుకోవడం ఆపాడు.

"5.50కి రోషన్ బస్సులో ఉన్నాడు. టికెట్టు ఉంది, కండక్టరు గుర్తుపట్టాడు. శేఖర్ సార్ 5.30కే తాళం వేసి వెళ్ళానన్నారు. మరి 6.12కి ఈ కుర్చీలో కూర్చున్నదెవరు?"

సుధారాణి తెర వైపు తిరిగింది.

"మొదటి బొమ్మ పెద్దది చెయ్యి, రోషన్."

నల్లటి తెర మీద నారింజ రంగు మరకలు. సరోజమ్మ గొంతు. పైకి లేస్తోంది, వంగుతోంది, ఊపిరి తీసుకున్నచోట ఖాళీ అవుతోంది. ఆ మరకలకు చాలా పైన, దాదాపు తెర అంచున, సన్నటి గీత. ఆ చివరి నుంచి ఈ చివరికి. ఊపిరి దగ్గర కూడా తెగలేదు.

రోషన్ ముందుకు వంగాడు. మిగిలిన ఏడూ తెరిచాడు. అన్నిట్లో అదే గీత, అదే ఎత్తులో.

"పాడే గొంతు ఇంత నిలకడగా ఉండదు మేడం." మౌస్ గీత మీద పెట్టాడు. "పదిహేను వేల ఆరువందల ఇరవై ఐదు హెర్ట్జ్. ఇది టీవీ. మన ఇండ్లల్లో పిక్చర్ ట్యూబ్ టీవీ ఆన్ చేస్తే చాలు, సౌండ్ తీసేసినా ఈ కూత వస్తానే ఉంటాది."

"మునీశ్వరీ, రికార్డింగ్ రోజు టీవీ ఆన్‌లో ఉందా?"

"ఉన్నింది. అమ్మ టీవీలో బొమ్మ ఆపనీదు. ఆమెకు అదే తోడు. సార్ సౌండ్ తీసేయమంటే తీసేసినాను. కూత నాకు దినామూ వినపడేదే. పట్టించుకోల్యా."

"సార్‌కు వినపడలేదు." సుధారాణి గొంతు తగ్గించింది. "నిన్న నేనొచ్చినప్పుడు ముందు గదిలో టీవీ కూస్తోంది. ఆయన ఆపే ఉందన్నారు. అబద్ధం కాదు. ఆయన చెవికి అది నిజంగానే ఆగి ఉంది. అప్పుడు నేనూ పట్టించుకోలేదు. చెవి పోయిన మనిషికే కంటికి చూపించే సాఫ్ట్‌వేర్ కావాలి. ఏది సరైనదో వెతికారు. సరైనదే దొరికింది. అది మొదట పట్టించింది ఆయన్నే."

సుధారాణి బల్ల మీద చుట్టి ఉన్న వైరు వైపు చూసింది.

"సోమవారం పదకొండింటికి వీళ్ళిద్దరూ వచ్చి వినాలి. ఇద్దరివీ కుర్ర చెవులు. పాట మొదలవగానే అడుగుతారు, సార్ ఈ కూత ఏమిటని. అందుకే డిస్క్ పోయింది. తీసినవాడికి ఆ వైరు చుట్టకుండా వదిలెయ్యడానికి చేతులు రాలేదు."

జ్ఞానశేఖర్ కోర్టులో అంకెలు చదివినట్టు మాట్లాడాడు.

"ఇరవై ఏండ్లు చర్చి కూటాలల్లో హారన్ స్పీకర్ల కింద నిలబడితిని. నాలుగేండ్ల నుంచి పాటలో వాయించే తాళాల శబ్దం తగ్గతా వచ్చె. ఎవురికీ చెప్పల్యా. శనివారం ఆ గీత సూస్తిని. స్పీకర్ దగ్గిర చెవి పెడితిని. ఏమీ లేదు. సౌండ్ పెంచితిని. ఏమీ లేదు. సచ్చిపోయిన మనిషి పాటలు, మళ్ళా పాడించేదానికి లేదు. చెడగొట్టేసినాను అనుకుంటిని."

"నా మీదికి వస్తాదని తెలుసునా సార్?" అన్నాడు రోషన్.

"తెలుసప్పా."

రోషన్ కళ్ళద్దాలు తీసి చొక్కాతో తుడుచుకున్నాడు. చాలాసేపు తుడిచాడు.

జ్ఞానశేఖర్ లేచి మూలనున్న పాత మైకుసెట్టు ఆంప్లిఫయర్ దగ్గరికి వెళ్ళాడు. వెనక నాలుగు మరలు విప్పాడు. లోపల గుడ్డలో చుట్టి డిస్క్ ఉంది. తెచ్చి మునీశ్వరి ముందు పెట్టాడు. ఆమె దాన్ని ముట్టుకోలేదు.

"బాగు చేయొచ్చా?" సుధారాణి రోషన్‌ను అడిగింది.

"ఆమె గొంతు యాడుంది, గీత యాడుంది సూడండి మేడం. మధ్యలో ఎంత ఖాళీ ఉందో. ఆ ఒక్క చోట సన్నగా కోసేస్తే సరి. గొంతు మీద గీటు కూడా పడదు."

11.06కి మొదలుపెట్టాడు. 11.10కి అయిపోయింది.

నాలుగు నిమిషాలు.

"కోయక ముందర్ది పెట్టు," అన్నాడు జ్ఞానశేఖర్. రోషన్ పెట్టాడు. సుధారాణి చెవులు మూసుకుంది. "ఇప్పుడు కోసింది పెట్టు," అన్నాడాయన.

రెండూ విన్నాడు. తెర వైపు చూశాడు. గీత లేదు.

"రెండూ ఒకటేగా ఉండాయి గదప్పా నాకు."

"గొంతు ఒకటే సార్," అన్నాడు రోషన్.

"తప్పుడు కంప్లైంట్ కేసవుతుంది సార్. రేపు పది గంటలకు స్టేషన్‌కు రండి," అంది సుధారాణి. ఆయన సరేనన్నట్టు తలూపాడు.

మునీశ్వరి రోషన్ పక్కకు వచ్చి నిలబడింది.

"రెండో పాట పెట్టన్నా."

పాట మొదలైంది. ముసలి గొంతు, సన్నటి జీర. 'రాగులు నలిగె రాయీ, రెక్కలు నొచ్చె రాయీ.' మునీశ్వరి మొహం మారలేదు. గోవిందప్ప కాళ్ళు మడుచుకుని నేల మీద కూర్చుండిపోయాడు. 'రాగులు నలిగె రాయీ...' గొంతు ఆగింది. మంచం కిర్రుమంది. ఆయాసం. తర్వాత పాట కాని మామూలు గొంతు, చాలా దగ్గరగా వినపడింది.

"తర్వాత ఏందే మునీ? మర్చిపోతిని."

పాట ఆపడానికి రోషన్ చెయ్యి మౌస్ మీద కదిలింది. సుధారాణి వద్దన్నట్టు చూసింది.

స్పీకర్లోని తన గొంతు జవాబు చెప్పేలోపే మునీశ్వరి చెప్పింది.

"రెక్కలు నొచ్చినా రాయీ, ముద్ద రుచాయె రాయీ... అదేమా. పాడు."

ఆమె గొంతు మధ్యలోనే విరిగిపోయింది. స్పీకర్లో తల్లి అందుకుని పాడుతూనే ఉంది.