తెర మీది గుంత

రాయపురంలో రొయ్యలు శుభ్రం చేసి ఎగుమతి చేసే ఒక కంపెనీ. అందులో యంత్రాలన్నిటినీ కనిపెట్టి చూసే హైమకి కిటికీలు లేని చల్లటి గది, గోడంత తెర. ఆ తెర కంపెనీకి కవలపిల్ల లాంటిది, డిజిటల్ ట్విన్ అంటారు. పైపులు, మోటార్లు, మురుగునీటి గుంత, ఏ గదిలో ఎందరున్నారు, అన్నీ ఉన్నవి ఉన్నట్టు కనిపిస్తాయి. ఎవరూ లేని గదికి అదే గాలీ దీపమూ ఆపి తలుపు బిగిస్తుంది. కరెంటు ఆదా. దానికి పర్యావరణ అవార్డు కూడా వచ్చింది.

ఎట్లా వచ్చిందంటారా? తనిఖీల వారం గుంతలో విషవాయువు మీటరు మాటిమాటికీ ఎర్రబడుతుంటే, హైమ దాని తీగ తప్పించి తెర మీద పచ్చరంగు నిలబెట్టేసింది. మళ్లీ కలపనే లేదు. గుంత కడిగే చెంగయ్య దిగేముందు ఎప్పుడూ హైమకి ఫోన్ చేసి మీటరు ఎట్లా ఉందని అడుగుతాడు. ఆ రోజూ అడిగాడు. పచ్చగా ఉంది, దిగమంది. దిగినవాడు పైకి రాలేదు. విచారణలో మాత్రం అడక్కుండా దిగాడని కళ్లార్పకుండా చెప్పింది మహాతల్లి. చెంగయ్య పెళ్లాం గోవిందమ్మ గేటు ముందు గుప్పెడు మన్నెత్తి చల్లి, తన మొగుడు పీల్చిన గాలే నువ్వూ పీలుస్తావని శపించి పోయింది. గుంతకి సీలు వేశారు.

చెంగయ్య పోయిన పదకొండో రోజు, మధ్యాహ్నం మూడు. హైమ కాఫీ తాగుతోంది. ఏసీ ఆగింది. దీపాలు ఆరాయి. తలుపు టక్కుమంది.

తెర మీద తన గది. లోపల మనుషులు: సున్నా.

ముందు నవ్వొచ్చింది. చెయ్యి ఊపింది. సున్నా. తలుపు లాగింది. రాలేదు... అప్పుడు వాసన తగిలింది. రొయ్య తొక్కల నీచు, కుళ్లిన గుడ్ల కంపు. గొంతు మండింది. తెర కూడా ఆరిపోయింది... చీకట్లో, వెనకే ఎవరో ఊపిరి అందక ఎగబీలుస్తున్నారు. తిరిగి చూసే ధైర్యం లేదు.

వాచ్‌మన్ చిన్నసామికి ఫోన్ చేసింది.

"తలుపు తియ్యి చిన్నసామీ... నేను లోపలే ఉండాను."

అతను ఫోన్ చెవిన పెట్టుకునే మెట్లెక్కి పరిగెత్తుకొచ్చాడు. తలుపు తెరుచుకున్న చప్పుడు ఆమెకి ఫోన్లో వినిపించింది. ఎదురుగా మాత్రం చీకటి కదల్లేదు.

"మీ రూములోనే నిలబడుండాను మేడమ్," అన్నాడు చిన్నసామి మెల్లగా. "ఈడ ఎవురూ లేరు. కాఫీ ఇంకా వేడిగానే ఉండాది... తెర మీద, సీలేసిన గుంతలో ఇద్దరుండారని చూపిస్తా ఉండాది. ఆడికి ఎవురు దిగినారు మేడమ్?"