అయిదో సొరంగంలో అక్క వాటా

కొండా కొండా నోరు తెరు,
అక్కకు ఒకటి, చెల్లికి ఒకటి...

ఆపైన ఏముందో ఇద్దరికీ గుర్తు లేదు. చిన్నప్పుడు గచ్చకాయలాడుతూ పాడుకున్న పాట. అరవై ఏళ్ల తరవాత, కొండ రైల్లో ఒకే బల్ల మీద కూర్చుని, అక్కాచెల్లెళ్లు ఆ రెండు ముక్కలనే తిప్పి తిప్పి పాడుకుంటున్నారు.

మూడే పెట్టెల పాతకాలపు బండి. పట్టాల నడుమ ఇంకో పట్టా, దానికి ఇనప పళ్లు. వెనకనుంచి ఇంజను తోస్తుంటే, మోకాళ్ల నొప్పుల మనిషి మెట్లెక్కినట్టు, బండి ఒక్కో పన్నూ పట్టుకుని ఎక్కుతుంది. పొద్దున ఎక్కి, పైన భోంచేసి, సాయంత్రానికి దిగిపోవచ్చు.

చెల్లెలు వచ్చింది కొండ అందం కోసం కాదు. బావగారు పోయిన దగ్గర్నుంచి అక్కకు ముద్ద దిగడం లేదు. నాలుగు నెలల్లో ఎముకల గూడైపోయింది. కొండగాలికైనా ఆకలి పుడుతుందేమోనని ఆశ. చిన్నప్పుడు ఏది దొరికినా రుమాలు కప్పి కొరికి, సగం చెల్లెలి నోట్లో పెట్టిన తరవాతే తను తిన్న మనిషి అక్క. "కాకెంగిలే, తినవే" అనేది. ఇప్పుడు ఆ మనిషి ఒళ్లో చెల్లెలు నీలం దారంతో అంచు కుట్టిన రుమాలు, అందులో రొట్టెముక్క. ముట్టుకోలేదు.

నాలుగో సొరంగం దాటాక, పెట్టె గుమ్మంలో నిలబడి బ్రేకు తిప్పే మనిషి లోపలికి తొంగి చూశాడు.

"పెద్దమ్మా, వచ్చేది అయిదోది. ఆ కిటికీ పైనున్న బోర్డు మీద ఏముందంటే..."

"చెప్పకు నాయనా. నాకు చదువొచ్చు," అంది చెల్లెలు.

మనవరాలి పలక మీద దిద్ది, అరవై దాటాక నేర్చుకున్న అక్షరాలు. ఒకరు చదివి చెబితే ఆమెకు నామోషీ. ఆయన నవ్వి, తన బ్రేకు దగ్గరికి పోయాడు.

"కి... టి... కీ. కిటికీ. త... లు..."

"నువ్వు చదివేలోగా కొండ అరిగిపోతుందే!" అక్క నవ్వింది. నాలుగు నెలలకు నవ్వింది. కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి గాలి పట్టుకుంటోంది.

"కిటికీ తలుపులు మూ... యం... డి."

ఆ ఒక్క వరస చదవడం అయ్యేసరికి కొండ నోట్లోకి వెళ్లిపోయారు.

కటిక చీకటి. పొగ. ఆ పొగ వెనక ఇంకో వాసన... బీరువా కింద ఎలుక చచ్చిన వాసన. రాతి మీంచి నీళ్లు కారుతున్న చప్పుడు. ఆ చప్పుడులో, పక్కనే, నములుతున్న చప్పుడు.

అక్క తింటోంది! చెల్లెలి కళ్లలో నీళ్లు తిరిగాయి.

"రొట్టె బాగుందా అక్కా?"

"రొట్టె కాదే," గుసగుసగా అంది అక్క. "ఎవరో చేతిలో పెట్టారు. మెత్తగా ఉంది. వెచ్చగా ఉంది."

వెలుతురు వచ్చింది.

అక్క గడ్డం మీద గోధుమరంగు జిగురు సాగుతోంది. పెదాల మధ్య నెరిసిన వెంట్రుక. చెల్లెలు దాన్ని పట్టి లాగింది. వచ్చింది... ఇంకా వచ్చింది... మూరెడు వచ్చింది. చివర ముద్దగా కుళ్లిన మాంసం, అందులో ఓ గోరు. చెల్లెలు పొద్దున తాగిన కాఫీ అంతా కిటికీ బయటికి కక్కేసింది. అక్క మాత్రం వేళ్లు నాకుతోంది.

బ్రేకు మనిషి వచ్చి, చూసి, ముక్కు మూసుకుని వెనక్కి జరిగాడు.

"కిటికీ మూయలేదా? బోర్డు చదువుతానన్నారుగా!"

చెల్లెలు తలెత్తింది. ఆఖరి వరస అప్పుడు కూడబలుక్కుంది. ఎవరేది ఇచ్చినా తీసుకోకండి.

"దిగేటప్పుడు ఈవిణ్ణి ఈ దారిన తీసుకురాకండమ్మా."

"వేరే దారి ఉందా?"

ఆయన నేల చూపులు చూశాడు. "లేదు."

పైన హోటల్లో అక్క కంచం ముట్టలేదు. "కడుపు నిండిందే," అంటూ పట్టాల వైపే చూస్తూ కూర్చుంది. నోరు తెరిచినప్పుడల్లా అదే ఎలుక వాసన. చొంగ కారి జాకెట్టు తడిసిపోయింది. చెల్లెలు తుడిచింది, అక్క ఒళ్లోని రుమాలు పిండింది, మళ్లీ తుడిచి అక్క ఒళ్లోనే పెట్టింది. అసహ్యం వేస్తున్నా అక్కే కదా!

సాయంత్రం బండిలో చెల్లెలు కిటికీ మూసింది. గడియ వేసింది. అక్క మణికట్టు రెండు చేతులా పట్టుకుంది.

అదే సొరంగం వచ్చింది.

పట్టిన చెయ్యి మెత్తబడింది. మగ్గిపోయిన పండులా... తొక్క కదిలింది... జారింది. గుప్పిట్లో బంక మాత్రం మిగిలింది. బల్ల మీద తడిమింది. తడి. వెచ్చని తడి. మనిషి లేదు.

"అక్కా..."

మూసిన కిటికీ మీద, బయటినుంచి, ఎవరో మెల్లగా గోకారు. కిటికీ తలుపు కింది సందులోంచి రుమాలు చుట్టిన మెత్తటి ముద్ద ఒకటి లోపలికి వచ్చి, ఆమె పెదాలకు తగిలింది. అంచున ఆమె కుట్టిన దారం. ముద్ద వెనకనుంచి, ఆప్యాయంగా, అక్క గొంతు.

"కాకెంగిలే చెల్లీ... నోరు తెరు."