వలల గదిలో గిలక

తాయారు కళ్ళు తెరిచేసరికి వాకిట్లో ఎండ పడింది. పేటలో ఆ వేళకు లేచే ఆడమనిషి ఇంకొకరు ఉండరు. పడవలు ఒడ్డుకు చేరే వేళకు గంప పట్టుకుని ఇసకలో నిలబడితేనే మంచి చేప చేతికొచ్చేది. ఆలస్యంగా వెళ్ళినవాళ్ళకు మిగిలేది తలా తోకా. ఈ మొద్దునిద్ర తనకెక్కడ దాపురించిందో అని తిట్టుకుంటూ ఆమె గబగబా ముఖం కడుక్కుంది.

వరండాలో నులకమంచం మీద భర్త అప్పలసూరి అప్పటికే లేచి కూర్చున్నాడు. పక్షవాతం వచ్చిన దగ్గర్నుంచి ఆ మంచమే అతని ఇల్లు. సముద్రం కంటపడకుండా దాన్ని గోడవైపు తిప్పమని తనే అడిగి తిప్పించుకున్నాడు. పడవను ఒడ్డుకు లాగుతూ లాగుతూ కుప్పకూలిపోయిన మనిషికి మాట నెల తిరక్కుండానే వచ్చేసింది. కర్ర పట్టుకుని నాలుగడుగులు వేస్తున్నాడు. కుడి చెయ్యి మాత్రం ఒళ్ళో పెట్టుకున్న పరాయి వస్తువులా పడి ఉంటోంది.

"ఊరికే కూర్చోబెట్టకండమ్మా. మొదటి ఏడాదిలో ఎంత కదిలిస్తే అంత మంచిది. తరవాత బిగుసుకుపోతుంది," అని శ్రీకాకుళంలో కసరత్తులు చేయించే డాక్టరమ్మ గట్టిగానే చెప్పింది. కొన్నాళ్ళు తీసుకెళ్ళారు. ఇక్కణ్ణుంచి కోటబొమ్మాళికి ఆటో, అక్కణ్ణుంచి బస్సు. ఒకరోజు బస్సులో ఎవరో లేచి సీటు ఇస్తూ, "పాపం, మన సూరే! ఎలాంటోడు ఎలగైపోనాడు!" అన్నారు. ఆ మర్నాటి నుంచి అతను బస్సెక్కనని భీష్మించుకున్నాడు. బతిమాలినా రాలేదు, కోప్పడినా రాలేదు. ఏడాది పూర్తి కావడానికి ఇంకా ఎన్నో నెలలు లేవు.

శ్రీకాకుళం హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్న కూతురు కుమారి సెలవులకు వచ్చింది. వచ్చిన దగ్గర్నుంచి ఫోనుకి అతుక్కుపోయి ఉంటే, ఈ కాలం పిల్లలింతే అనుకుంది తాయారు. తీరా చూస్తే ఆ పిల్ల చూస్తున్నది సినిమాలు కాదు.

"అమ్మా, ఇవాళ వలల గది కాళీ సేసీద్దాం," అంది, ఫోను తల్లి ముఖం ముందు పెట్టి. "సూడు, ఇంతకన్నా సిన్న గదిలోన పెట్టుకున్నారు. మంచమంత జాగా ఉంటే సాలు."

"ఏటే అది?"

"జిమ్ము."

"జిమ్మేటే నీ మొకం! మీ నాన్న ఇప్పుడు కండలు పెంచి ఎవులితోటి కుస్తీ పడతాడు?"

"కండలకి కాదే, సెయ్యి లెగడానికి. నాన్న డాక్టరమ్మ కాడికి రాడు గదా. ఆ సామాన్లే ఇంటికొచ్చీస్తే? నాను ఆవిడ్ని అడిగినాను. ఏటేటి కావాలో, ఎలగ సెయ్యాలో అన్నీ సూపించింది."

తాయారు ఇన్నాళ్ళూ దేవుళ్ళకు మొక్కడం తప్ప చేసిందేమీ లేదు. ఈ గుంట మాత్రం దారి వెతుక్కొచ్చింది. ఆ రోజు గంప బోర్లించేసి కూతురితో పాటు నడుం బిగించింది.

వలల గది వంటింటి పక్కన ఉంది. ఇద్దరు నిలబడితే మూడోమనిషి గుమ్మం బయట ఆగాల్సినంత గది. వలలన్నీ మోసుకెళ్ళి పెరట్లో చూరు కింద పెట్టారు. గోడలు కడిగారు. ఎంత కడిగినా ఉప్పు వాసన పోలేదు. దూలానికి గిలక కట్టి దానిమీదుగా తాడు వేసి, రెండు కొసలకూ చేతిపట్టుకి చెక్క పిడులు బిగించారు; బాగున్న చెయ్యి కిందికి లాగితే పడిపోయిన చెయ్యి పైకి లేవాలి. గోడ పొడుగునా పట్టుకుని లేవడానికి నున్నటి వెదురు బొంగు వచ్చింది. కిటికీ ఊచకు పాత సైకిలు ట్యూబు కట్టారు, సాగదీయడానికి. మూల ఒక పాత సైకిలు వెనక చక్రం నేలకు తగలకుండా చెక్కల మీద నిలబడింది. ఎదురుగా నిలువుటద్దం, కింద గోనెసంచుల మీద రబ్బరు పట్టా. పక్కింటి దేముడమ్మ తొంగిచూసి, "ఇదేటే తాయారూ, సర్కస్ కంపెనీ దించీసినావేటి?" అని నవ్వి పోయింది.

చేతికి కట్టుకునే బరువుల దగ్గరే చిక్కొచ్చింది. కుమారి పాత లుంగీ గుడ్డతో చిన్న సంచులు కుట్టి ఇసక పోసింది. ఇసక కుట్టుల్లోంచి కారిపోయింది. మరో గుడ్డ వేసి కుట్టినా అంతే.

తాయారు మంచినీళ్ళకని పెరట్లోకి వెళ్ళేసరికి కుమారి చూరు కింద బాసింపట్టు వేసుకుని కూర్చుని ఉంది. ఒళ్ళో అప్పలసూరి వల. చేతిలో కత్తి. వల నీళ్ళలో మునగడానికి అడుగుతాడుకు వరసగా కట్టిన సీసం గుళ్ళను ఒక్కొక్కటే కోసి పక్కన పోగేస్తోంది.

"ఇయ్యైతే కారిపోవు గదమ్మా," అంది తలెత్తకుండా. "సిన్న సంచిలోనే బరువు బాగుంతాది. ఊరికే పడున్నాయి గదా!"

ఆ ఇంట్లో వల నుంచి సీసం కోయడమంటే ఏమిటో తాయారుకు తెలుసు. ఆమె కొత్తకోడలిగా వచ్చిన ఏడాది అప్పలసూరి అన్న జోగయ్య సముద్రం మీద చేపల వేటకెళ్ళి తిరిగి రాలేదు. పడవ ముక్కలైనా దొరకలేదు. ఎదురుచూసి చూసి ఒకనాడు మామగారు గుమ్మంలో కూర్చుని జోగయ్య వల ఒళ్ళోకి లాక్కుని, దాని సీసమంతా కోసేశాడు. అప్పటిదాకా ఇంట్లో ఎవరూ ఏడవలేదు. ఆ కత్తి చప్పుడు వినిపించాకే అత్తగారు నేలమీద పడి ఏడ్చింది. వస్తాడన్న ఆశ వదులుకున్నామని ఆ ఇంటివాళ్ళు ఒప్పుకోవడం అలా జరిగింది. తరవాత ఆ మాట ఎవరూ ఎత్తలేదు కాబట్టి కుమారికి తెలిసే దారి లేదు.

'ఆగవే' అన్న మాట తాయారు నాలుక చివరిదాకా వచ్చింది. అక్కడే ఆగిపోయింది. బిందె నింపుకుని లోపలికి వెళ్ళిపోయి, కడిగిన బియ్యాన్నే మళ్ళీ కడుగుతూ కూర్చుంది.

మధ్యాహ్నం భోజనాలయ్యాక కుమారి తండ్రి మంచం దగ్గర చేరింది.

"నానొల్ల," అన్నాడు అప్పలసూరి, సంగతి వినకుండానే.

"ఒక్కసారి లెగిసి సూడు నాన్నా. బాగోలేదంటే ఇప్పుడే పీకీస్తాను. నీ కోసం పొద్దుటి నుంచి నడుం ఇరగ్గొట్టుకున్నాం. సూడ్డానికేటి డబ్బులిస్తావేటి?"

కూతురి ముఖాన మసీ, చేతుల మీద గీతలూ చూశాక అతను కర్ర అందుకున్నాడు. గుమ్మంలో చాలాసేపు నిలబడ్డాడు. అద్దంలో ఒక పక్కకు ఒరిగిన తన ఆకారాన్ని చూసుకుని చూపు తిప్పుకున్నాడు. ఆ తిప్పిన చూపు దూలం మీదున్న గిలక దగ్గర ఆగింది.

"ఆ ముడెవులు ఏసినారు? బరువు పడితే జారిపోతాది. కొస ఇలగ ఎనక్కి తిప్పి లాగాల," అన్నాడు.

కుమారి స్టూలెక్కి, అతను చెప్పినట్టే మళ్ళీ కట్టింది. ఇన్ని నెలల్లో అతని నోట ఒక పని చెప్పే మాట వినడం తాయారుకు అదే మొదలు. సంతోషంతో కళ్ళు చెమర్చి చీరచెంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది.

అతను ఎడమ చేత్తో ట్యూబు లాగి చూశాడు. సైకిలు పెడల్ మీద కాలు ఆనించి చూశాడు. కిటికీలో వరసగా పెట్టిన చిన్న సంచుల్లో ఒకటి అందుకున్నాడు. అంతే, ముఖం మారిపోయింది. బొటనవేలితో సంచిని నొక్కి నొక్కి చూశాడు. పంటితో కుట్టు తెంపి బోర్లించాడు. సీసం గుళ్ళు నేలమీద దొర్లాయి.

"నా వలెక్కడుంది?"

"పెరట్లో ఉన్నాది నాన్నా, ఏం?"

"ఒసే తాయారూ!" ఆ కేకకు దేముడమ్మ ఇంట్లోని కోళ్ళు కూడా చెదిరాయి. "నన్ను సంపీసినారేటే? ఊపిరుండగానే నా వల కోసీసినారేటే? జోగయ్యకి సేసినట్టు నాకూ సేసీసినారా?"

కుమారి బిక్కచచ్చిపోయింది. "పెద్దనాన్నకేటి సేసినారు? నాన్నా, నాకేటీ తెలీదు, సెప్పు."

అప్పలసూరి చెప్పాడు. వెదురు బొంగు పట్టుకుని, ఊపిరి తీసుకుంటూ, తండ్రి గుమ్మంలో కూర్చోవడం, తల్లి నేలమీద పడిపోవడం అన్నీ చెప్పాడు. వింటూ వింటూనే కుమారి నేలమీద కూలబడి, తండ్రి కాళ్ళు పట్టుకుని ఏడ్చింది.

"నీమీదొట్టు నాన్నా, నాకు తెలీదు. తెలిస్తే ముట్టుకుందునా? నా సేతులు ఇరిగిపోనూ!"

కూతురి ఏడుపు చూసి అతని కోపం కాస్త దిగింది. "లెగు. నువ్వు అప్పటికి పుట్టనే లేదు. నీ తప్పు కాదు. మీయమ్మ సూసుంటే ఆపును, దానికన్నీ తెలుసు," అన్నాడు.

తాయారు అలాగే ఊరుకుంటే సరిపోయేది. చూడలేదని అతనే అనుకుంటున్నాడు. పిల్ల ఏడ్చి ఊరుకుంటుంది, నాలుగు రోజుల్లో అందరూ మర్చిపోతారు. కానీ కాళ్ళ దగ్గర కూతురు తలబాదుకుంటుంటే ఆ నమ్మకం వెనక దాక్కోవడం ఆమె వల్ల కాలేదు.

"సూసినాను," అంది.

"ఏటి?"

"గుంట కోస్తంటే సూసినాను మావా. ఆపలేదు."

అప్పలసూరి వెదురు బొంగు మీద పట్టు బిగించాడు. తిట్టినా బాగుండేదనిపించింది తాయారుకు.

"ఏల?" అన్నాడు నీరసంగా.

"పెళ్ళైన కాడి నుంచి నువ్వు ఏటకెల్లిన రాత్తిరి నాను కన్ను మూసిందే లేదు. గాలి మారితే లెగిసి కూకుందును. కుక్క మొరిగితే గుమ్మంలోకి ఎల్దును. తెల్లారి నీ తలకాయ కనబడితేనే నాకు ఊపిరి. నీకు సెప్తే ఏటకెల్లే మగోడికి పిరికి మందు పోసినట్టని సెప్పలేదు. నీ సెయ్యి పడిపోయినాక నాకు నిద్దరొచ్చింది మావా. ఒళ్ళు తెలీకుండా పడుకుంతన్నాను. నీ సెయ్యి పోతే నాకు సుకంగా నిద్దరట్టిందని ఎవులితో సెప్పుకోను? ఎంత పాపిష్టిదాన్నో! నువ్వు లెగాల, నడవాల, నీ సేత్తో నువ్వు తినాల. అదంతా కావాల నాకు. సంద్రం మాత్రం ఒద్దు. నానుగా ఆ మాట అనలేక, గుంట కత్తితో అనిపించినాను."

అప్పలసూరి మెల్లగా సైకిలు సీటుకు ఆనుకున్నాడు.

"పొద్దుటే లెగటం లేదు సూడు నువ్వు," అన్నాడు. "నానేటనుకున్నానో తెలుసా? ఈడి మొకం సూడ్డానికి మనసొప్పక పడుకుంతన్నాదనుకున్నాను. బరువైపోనానని రోజూ అనుకున్నాను. అలగనుకునే ఈ సెయ్యి కదిపి ఏటి లాబం అని ఒగ్గీసినాను."

"అయ్యో మావా!"

"ఇన్నేళ్ళు ఒక మంచం మీద పడుకున్నాం. నీకు నిద్దరుందో లేదో నానొక్కనాడూ అడగలేదు." అతని కళ్ళ నుంచి నీళ్ళు కారాయి. తుడుచుకోవడానికి అలవాటుగా కుడి చేతినే ఎత్తబోయాడు. అది లేవలేదు. తాయారు చీరచెంగుతో తుడిచింది.

కుమారి నేలమీది సీసం గుళ్ళు ఏరుతూ, "మళ్ళీ వలకి కట్టీస్తాను నాన్నా," అంది.

"సంచిలోనే ఉండనీ. సెయ్యి బరువెత్తాల గదా." అని భార్యవైపు తిరిగాడు. "కానీ తాయారూ, ఏటకెల్తానో మానీస్తానో సెయ్యి లెగిసినాక నాను సెప్తాను. మానీసినా ఆ మాట నా నోట్లోంచే రావాల. నువ్వు ముందే కోసీకు."

"ఎల్తానంటేనో అమ్మా?" అంది కుమారి భయంగా.

అబద్ధమాడితే ఈ మనిషి మళ్ళీ గోడవైపు తిరిగిపోతాడని తాయారుకు తెలుసు.

"ఎల్తానంటే ఎల్తాడు," అంది. "ఒడ్డు దాకా వల నానే మోస్తాను. మళ్ళీ రాత్తుర్లు కూకుంతాను. అలవాటైందే గదా."

అప్పలసూరి గిలక కిందికి వచ్చి నిలబడ్డాడు. కుడి చేతి వేళ్ళు పిడిని పట్టుకోలేకపోతే, తాయారు తువ్వాలు ముక్కతో మణికట్టును పిడికి కట్టింది. అతను ఎడమ చేత్తో తాడు లాగాడు. గిలక కిర్రుమంది. కుడి చెయ్యి నడుం దాటింది, గుండెదాకా వచ్చింది, అక్కడ వణుకుతూ నిలిచిపోయింది. నుదుటి నిండా చెమట.

"ఇంక రాదే," అన్నాడు.

తాయారు వెనక నిలబడి, అతని చేతిమీదుగా తనూ తాడు పట్టుకుంది. తను లాగే ఒక్కొక్క లాగుడూ ఈ మనిషిని సముద్రానికి ఒక్కొక్క అడుగు దగ్గర చేస్తుందని ఆమెకు తెలుసు. కళ్ళ నుంచి ధారగా నీళ్ళు కారుతున్నాయి. అయినా వదలకుండా లాగింది. ఆ చెయ్యి భుజం ఎత్తుకు లేచింది.

"వచ్చినాది మావా! ఇంకొక్కటి," అంది తాయారు.