అరగంట మౌనం

"మీ గోడ నా మెషిన్ గొంతు నొక్కేసిందండీ."

వెనకనుంచి వినిపించిన మాటకి ఆమె ల్యాప్‌టాప్ మీంచి తల ఎత్తలేదు.

"గోడలు గొంతులు నొక్కవు. ఏ మెషిన్, ఎన్నింటికి, అది చెప్పండి."

"రక్తం ఎంతసేపట్లో గడ్డకడుతుందో చూసే మెషిన్. రెండూ పదికి. రిపోర్ట్ పంపేశానని మెషిన్ అంటోంది. రాలేదని పైన వార్డు అంటోంది. మధ్యలో ఉన్నది మీరే."

అప్పుడు తల ఎత్తింది. గుమ్మంలో ఒక పొడుగాటి మనిషి. జేబులో స్క్రూడ్రైవర్, చేతిలో చిన్న నోట్‌బుక్, ఒక చెవి మాత్రం ఎర్రగా కందిపోయి ఉంది.

అతను ఆ ఆసుపత్రి ల్యాబ్‌లో మెషిన్లు చూసుకునే ఇంజినీరు. ఏదైనా మొరాయిస్తే ముందు దాని పక్కన చెవి ఆనించి వింటాడు. అందుకే నర్సులందరికీ అతను చెవి డాక్టరు. ఆమెకి పేరు పెట్టడానికి వాళ్ళకి ఒక్క పూట చాలింది: గేటు మేడం.

పేరులో తప్పేం లేదు. ఆ ముందురోజు ఆదివారం ఆమె అక్కడ కంప్యూటర్ల మధ్య రాకపోకలకి కాపలా కాసే కొత్త ఫైర్‌వాల్ పెట్టింది. అంతవరకూ ఆ ఆసుపత్రి నెట్‌వర్క్ తలుపుల్లేని ఒకే పెద్ద హాలు. వెయిటింగ్ హాల్లో సినిమా చూసుకునే ఫోనూ, రిసెప్షన్ కంప్యూటరూ, ల్యాబ్ మెషినూ అన్నీ అందులోనే. ఆమె దాన్ని నాలుగు భాగాలు చేసింది. రోగులు ఇంటినుంచి రిపోర్టులు తీసుకునే సర్వర్‌ని వసారాలాంటి విడి భాగంలో కూర్చోబెట్టింది. బయటివాళ్ళు ఎవరొచ్చినా అక్కడివరకే, లోపలి గదుల్లోకి అడుగు పెట్టకూడదు. ఏ భాగం ఏ భాగంతో మాట్లాడవచ్చో నిర్ణయించే రూల్స్ అన్నీ ఆమె రాసినవే.

"ఇదిగో చూడండి, మీ మెషిన్‌కి పర్మిషన్ ఉంది" అంటూ స్క్రీన్ అతనివైపు తిప్పింది. "పొద్దుట్నుంచి నూట అరవై రిపోర్టులు వెళ్ళాయి."

"మిగతా మెషిన్లవి వెళ్ళాయి. నేను దీని సంగతి చెప్తున్నాను."

"ఏది చెడిపోయినా ఫైర్‌వాల్ మీదికే తోస్తారు. లిఫ్ట్ ఆగినా మా పుణ్యమే."

"లిఫ్ట్ నిన్నటిదాకా బాగానే నడిచిందండీ. ఇదీ అంతే."

ఆమెకి ఒళ్ళు మండింది. జవాబు చెప్పబోతుంటే ఇంటర్‌కమ్ మోగింది. పెద్ద డాక్టరుగారు రమ్మంటున్నారు, ఇద్దరినీ.

మూడో అంతస్తులో ఆపరేషన్‌కి సిద్ధం చేసిన ఒక పెద్దావిడ బల్ల మీద ఎదురుచూస్తోంది. రక్తం గడ్డకట్టే టెస్ట్ రిపోర్ట్ రాలేదు. అది లేకుండా కత్తి పట్టనని సర్జన్ కూర్చున్నాడు. చెవి డాక్టరు అప్పటికే కాగితం ప్రింట్ తీయించి పైకి పరుగెత్తించాడు కాబట్టి ఆవిడ గండం గడిచింది. కానీ పెద్ద డాక్టరుగారి కోపం దిగలేదు.

"ఆ గోడ తీసెయ్యమ్మా. పాతలాగే అన్నీ తెరిచిపెట్టు."

"తెరవడానికి నిమిషం చాలు సార్" అంది ఆమె. చూపు దించలేదు. "తెరిస్తే కింద హాల్లో ఫోన్ పట్టుకుని కూర్చున్న ప్రతివాళ్ళకీ మీ ఆపరేషన్ థియేటర్ దాకా దారి ఉంటుంది. అలాంటిదానికి నేను సంతకం పెట్టలేను. నాకు సాయంత్రం అయిదింటిదాకా టైమివ్వండి. కారణం పట్టుకుంటాను."

"అయిదింటిదాకా నా పేషెంట్లకి రిపోర్టులు ఎవరు మోస్తారు?"

"నేను మోస్తానండీ" అన్నాడు చెవి డాక్టరు.

ఆమె అతనివైపు చూసింది. అతను నోట్‌బుక్ తిరగేస్తున్నాడు, ఏదో చిన్న విషయం ఒప్పుకున్నట్టు.

బయటికొచ్చాక అడిగింది. "ఫిర్యాదు చేసింది మీరే. మళ్ళీ నా తరఫున నిలబడడమేంటి?"

"మెషిన్ ఆగిపోయిందని కవర్ విప్పేసి పారేసేవాళ్ళని చాలామందిని చూశాను. కారణం పట్టుకుంటాననేవాళ్ళు తక్కువ. మీ పని మీరు చూసుకోండి, నాకు కాళ్ళున్నాయి."

అతను నిజంగానే కాళ్ళకి పని చెప్పాడు. కింద ల్యాబ్, పైన నాలుగు అంతస్తులు. లిఫ్ట్ పేషెంట్లకి వదిలేసి మెట్లెక్కాడు, దిగాడు. సర్వర్ రూమ్ గుమ్మం ముందునుంచి అతను వెళ్ళిన ప్రతిసారీ బూట్ల చప్పుడు వినిపించేది. ఆమె ఫైర్‌వాల్ రాసుకునే లాగ్స్ తిరగేసింది, కేబుల్ మార్చింది, నెట్‌వర్క్ స్విచ్ చూసింది. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. అన్నీ సరిగ్గా ఉండడంకంటే ఈ పనిలో పెద్ద నరకం లేదు.

పదకొండో ట్రిప్పులో బూట్ల చప్పుడు గుమ్మం దగ్గర ఆగింది.

"ఒక్క మాట. నాది పొరపాటు కావచ్చు."

"చెప్పండి."

రొప్పుతూనే నోట్‌బుక్ తెరిచాడు. ఏ మెషిన్, ఏ టైముకి, రిపోర్ట్ వెళ్ళిందా లేదా, అన్నీ పెన్సిల్‌తో గీసుకున్నాడు. "రద్దీగా పనిచేసే మెషిన్లకి ఇబ్బంది లేదు. మధ్యాహ్నం ఖాళీగా ఉండేవాటికే. అది కూడా మొదటి రిపోర్టే పోతోంది. కాసేపటికి మెషిన్ తనంతట తానే మళ్ళీ కలుపుకున్నాక రెండోది వెళ్తోంది. అంటే నా మెషిన్ చాలాసేపు ఊరుకుని నోరు విప్పితే, మొదటి మాట ఎవరికీ వినపడ్డంలేదు."

ఆమె వేళ్ళు కీబోర్డ్ మీద ఆగిపోయాయి. "ఎంతసేపు ఊరుకుంటే?"

"నేను చూసినంతవరకు, అరగంట దాటితే."

ఆమె ఫైర్‌వాల్ సెట్టింగుల పేజీ తెరిచింది. అక్కడ ఉంది, ఫైర్‌వాల్ తయారుచేసినవాళ్ళే పెట్టి పంపిన అంకె, ఎవరూ ముట్టుకోనిది. ముప్పై నిమిషాలు. రెండు వైపులా అంతసేపు మాటలు లేకపోతే ఫైర్‌వాల్ ఆ దారిని మూసేస్తుంది. మూసేశానని ఇద్దరిలో ఎవరికీ చెప్పదు. మెషిన్ మాత్రం దారి తెరిచే ఉందనుకుని రిపోర్ట్ పంపుతుంది. అది గాల్లో కలిసిపోతుంది.

"మీది పొరపాటు కాదు" అంది నెమ్మదిగా. "మీరు మొదట అన్నదే నిజం. నా గోడే."

అతను గెలిచానన్న మొహం పెట్టలేదు. "బాగవుతుందా?"

"ఈ ఒక్క దారికి టైము పెంచేస్తే చాలు. పెంచేశాను. కానీ బాగైందని చెప్పాలంటే ఆ మెషిన్‌ని అరగంటకి పైగా ఎవరూ ముట్టుకోకూడదు. తర్వాత ఒక శాంపిల్ పెట్టి చూడాలి."

అలా ఇద్దరూ ల్యాబ్‌లో ఆ మెషిన్‌కి చెరో పక్కా స్టూల్ వేసుకుని కూర్చున్నారు. కిటికీ అవతల వాన మొదలైంది. చేయడానికి ఏ పనీ లేకపోవడం ఇద్దరికీ కొత్తే.

"ఏం వింటారు దాంట్లో?" అంది, అతని చెవి చూస్తూ.

"పంపు తిరిగే చప్పుడు. బాగున్నప్పుడు ఒకలా ఉంటుంది, అరిగిపోతున్నప్పుడు ఒకలా. విననివ్వండి అంటే అందరూ నవ్వుతారు."

"నేను నవ్వను. మా నాన్న గోడ మీద వేలితో కొట్టి లోపల పైపు ఎక్కడుందో చెప్తాడు. వైర్‌మన్. ముప్పై ఏళ్ళు గోడల్లో వైర్లు లాగాడు. ఇప్పుడు మాది అయిదుగురు మనుషుల కంపెనీ. వైర్లు ఆయన చూస్తాడు, వైర్లలో నడిచేది నేను చూస్తాను."

"మెచ్చుకుంటారా?"

"మా నాన్నా? 'స్క్రూలన్నీ బిగించావా' అంటాడు. అదే మెచ్చుకోలు."

అతను నవ్వాడు. ఆమె వాచీ చూసుకుంది. పన్నెండు నిమిషాలే అయింది. ఇంకా ఇరవై పైన ఉన్నాయని ఆమెకి ఎందుకో సంతోషం వేసింది. ఆ సంతోషం బయటపడకుండా వాన వైపు చూసింది. అతను మాత్రం వానని చూడటంలేదు.

ముప్పై అయిదో నిమిషంలో శాంపిల్ పెట్టారు. మెషిన్ గిరగిరా తిరిగింది. ఇంటర్‌కమ్‌లో పై వార్డు పెద్ద సిస్టర్ గొంతు: "వచ్చిందయ్యా, వచ్చింది. ఇంకిటు ఎక్కకు, మెట్లు అరిగిపోతున్నాయి."

అయిదింటికి పది నిమిషాల ముందు ఆమె పెద్ద డాక్టరుగారి ముందు నిలబడి అంది: "తప్పు నాది సార్. ఆ టైము నేను ముందే చూడాల్సింది. కారణం పట్టుకున్నది ల్యాబ్ ఇంజినీర్‌గారు." చెప్పకపోయినా ఎవరికీ తెలిసేది కాదు. అతను గుమ్మంలో నిలబడి అంతా విన్నాడు.

తర్వాత నెల రోజులూ ఆమె మిగిలిన పనికి వస్తూ పోతూ ఉంది. ల్యాబ్‌లో ఏ కేబుల్ లేబుల్ చెరిగినా అతను ఫోన్ చేసేవాడు. చెరగనివాటికి కూడా చేయడం మొదలుపెట్టాడు.

"ఈ లేబుల్ మీరే చెరిపారు కదూ?" అంది ఒకరోజు.

"వానకి చెరిగిందేమో."

"గది లోపల వాన పడిందా?"

పని అప్పజెప్పే వారంలోనే ఆ సంగతి జరిగింది. రిసెప్షన్‌లో ఎవరో ఈమెయిల్‌లో వచ్చిన దొంగ బిల్లు తెరిచారు. లోపలికి దూరిన వైరస్ ఆ కంప్యూటర్‌నుంచి ల్యాబ్ వైపు నాలుగు వేల సార్లు తలుపు తట్టింది. ఒక్క తలుపూ తెరుచుకోలేదు. పాడైంది ఆ ఒక్క కంప్యూటరే. మధ్యాహ్నానికి దాన్లో ఉన్నదంతా చెరిపేసి మళ్ళీ బల్లమీద పెట్టారు. ఆ పూట ఒక్క ఆపరేషన్ కూడా ఆగలేదు.

పని అప్పగింతలకి ఆమె నాన్న కూడా వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో పాత నిచ్చెన. కేబుళ్ళు తానే తడిమి చూశాడు. తర్వాత మీటింగ్ గదిలో చెవి డాక్టరుతో సహా అందరూ కూర్చున్నాక పెద్ద డాక్టరుగారు, "గోడ తీసెయ్యమన్నది నేనే. ఈ అమ్మాయి వినకపోవడం మా అదృష్టం" అన్నారు. నాన్న కళ్ళద్దాలు పెట్టుకుని రూల్స్ పట్టిక చదవడం మొదలుపెట్టాడు. ప్రతి రూల్ పక్కనా అది దేనికో రెండు ముక్కల్లో రాసి ఉంది. రిసెప్షన్‌నుంచి ప్రింటర్‌కి. వార్డునుంచి మందుల గదికి. ఒక దగ్గర ఆగాడు. పైకి చదివాడు.

"'ల్యాబ్ మెషిన్ల దారి. టైము నేను చూసుకోలేదు, తప్పు నాది. పట్టుకున్నది చెవి డాక్టరు. పదకొండు సార్లు నాలుగు అంతస్తులు ఎక్కి దిగి పట్టుకున్నాడు. ఇంత ఓపికగా వినే మనిషిని నేను ఇంతవరకు చూడలేదు.'"

పెద్ద సిస్టర్ దగ్గు నటించింది. ఆమె మొహం కందగడ్డలా అయింది.

"ఫైలు ఎవరూ పూర్తిగా చదవరనుకున్నాను నాన్నా."

"ఇదేంటమ్మా, ప్రింటర్‌కి రెండు ముక్కలు, ఇతనికి అయిదు లైన్లా" అన్నాడు నాన్న. కాగితాలు సర్దుకుని, "నిచ్చెన కింద పెట్టొస్తా" అంటూ లేచాడు. లేచింది ఆయనొక్కడే కాదు. అర నిమిషంలో గదిలో ఇద్దరే మిగిలారు.

అతను నోరు తెరిచాడు.

"ముందే చెప్తున్నాను" అంది ఆమె. "గోడలు, తలుపులు, పర్మిషన్లు అంటూ ఒక్క జోకు వేసినా వెళ్ళిపోతాను. కాలేజీ రోజులనుంచి విని విని చెవులు చిల్లులు పడ్డాయి."

"అవేం రావు నాకు. లేబుల్స్ నేనే చెరిపాను. మూడు."

"ఏడు. లెక్క నా దగ్గరుంది."

"ఆ రోజు తప్పు నాదని మీరు చెప్పినప్పుడు నేను గుమ్మంలో ఉన్నాను. ఈ మనిషి పక్కన జీవితమంతా తలెత్తుకుని నిలబడచ్చు అనిపించింది. నన్ను పెళ్ళి చేసుకుంటారా?"

ఆమె చాలాసేపు మాట్లాడలేదు. అతను వింటూ నిలబడ్డాడు.

"చేసుకుంటాను" అంది.

కిందికి దిగేసరికి నాన్న వ్యాన్ పక్కన నిచ్చెన ఎత్తడానికి అవస్థ పడుతున్నాడు. అతను పరుగున వెళ్ళి రెండో కొస పట్టుకున్నాడు.

"బాబూ" అన్నాడు నాన్న, నిచ్చెన దించకుండానే. "ముప్పై ఏళ్ళు పనిచేశాను. నేను చేసిన తప్పులన్నీ గోడల్లో పూడ్చి పైన సున్నం కొట్టేశాను. నా కూతురు తన తప్పు సంతకం పెట్టి మరీ రాసింది. దాని ముందు నేనే చిన్నవాణ్ణి. తెలిసే అడుగుతున్నావా?"

"అది చూసే అడిగానండీ."

నాన్న తల ఊపాడు. కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు, అవసరం లేకపోయినా. "ఆదివారం మీ అమ్మనీ నాన్ననీ తీసుకురా. మా అమ్మాయి గురించి నేనే వాళ్ళకి చెప్పాలి. సగం సంగతులు దానికే తెలియవు, నేను దాని గురించి ఊళ్ళో ఏమేం చెప్పుకుంటానో."

డ్రైవర్ సీట్లో కూర్చున్న ఆమె ఆ మాట వింది. తాళం తిప్పబోయి ఆగిపోయింది.

నాన్న వెనక తలుపు తెరిచి, కేబుల్ చుట్టల మధ్య చోటు చేసుకుని, నిచ్చెన పక్కన కూర్చున్నాడు.

"ఏంటి నాన్నా, నీ సీటు ముందు కదా?"

"అబ్బాయిని బస్టాపు దాకా దింపుదాం" అన్నాడు నాన్న. "ఎక్కు బాబూ, ముందు ఎక్కు."