పోయిన కార్డు, పోని మాట

శనివారం మధ్యాహ్నం. అమ్మ వెనక గదిలో పాత్రలు కాల్చే బట్టీ దగ్గర ఉంది. గువ్వ ఒక్కతే దుకాణంలో బల్ల వెనక కూర్చుని, గోళ్లలో ఇరుక్కున్న మట్టిని అగ్గిపుల్లతో తీసుకుంటోంది.

వాళ్లది మట్టి పాత్రల దుకాణం. ముందు గదిలో అరల నిండా కప్పులు, కూజాలు, పూలకుండీలు. అద్దాల తలుపు అవతల నాలుగు సారెలు. సారె అంటే మట్టిముద్దను గిరగిరా తిప్పే చక్రం. శనివారాల్లో ఎవరైనా వచ్చి సారె ముందు కూర్చుని, అమ్మ దగ్గర నేర్చుకుంటూ సొంతంగా ఒక పాత్ర చేసుకోవచ్చు. దానికి అమ్మ గిఫ్ట్ కార్డులు కూడా అమ్ముతుంది. ఆ కార్డును ఎవరికైనా బహుమతిగా ఇస్తే, వాళ్లు దాన్ని చూపించి ఒక పూట సారె మీద పని చేసుకుంటారు.

కార్డు వెనక చిన్న అక్షరాల్లో ఒక వాక్యం ఉంది: "పోగొట్టుకుంటే మళ్లీ ఇవ్వబడదు." ఆ వాక్యాన్ని పట్టుబట్టి వేయించింది గువ్వే.

ఊరికే వేయించలేదు. కిందటి నెల ఒక నర్సు వచ్చి తన కార్డు పోయిందంది. అమ్మ మారుమాట లేకుండా ఇంకోటి ఇచ్చింది. ఆవిడ వచ్చి చక్కగా ఒక గిన్నె చేసుకుని వెళ్లింది. తర్వాతి శనివారం ఆవిడ మరిది, సోఫా కింద దొరికిందంటూ ఆ పాత కార్డు పట్టుకుని వచ్చాడు. దాని బదులు ఇంకోటి తీసుకున్నారని అతనికి తెలియదు. చూసిన వెంటనే అమ్మకీ గుర్తు రాలేదు. ఉన్న నాలుగు సారెల్లో ఒకటి అతనికి ఇచ్చేసింది. ప్రతి వారం వచ్చే రిటైర్డ్ పోస్టుమాస్టరు గారు వచ్చేసరికి ఖాళీ లేదు. ఆయన కాసేపు నిలబడి, మూతి ముడుచుకుని వెళ్లిపోయారు. మళ్లీ ఈ గడప తొక్కలేదు.

ఆ సంగతి గువ్వకి ముల్లులా గుచ్చుకుంది. మెత్తనివాళ్లని చూస్తే మొత్తబుద్ధి అవుతుందని, ఎక్కడో విన్న సామెత అమ్మకి అప్పజెప్పింది. అమ్మ నవ్వి, సరే వేయిద్దాంలే అంది.

తలుపు చప్పుడైంది. వచ్చింది గువ్వ క్లాసులో చదివే అమ్మాయే. ఒకసారి ఎడమ కాలికి ఒక బూటు, కుడి కాలికి ఇంకో రకం బూటు వేసుకుని బడికి వచ్చింది. అప్పటినుంచి క్లాసులో అందరూ ఆమెను 'పరధ్యానం' అని పిలుస్తారు.

పరధ్యానం బల్ల దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి తన గోడు చెప్పుకుంది. పుట్టినరోజుకి నాన్న ఈ దుకాణం కార్డు ఇచ్చాడట. నలిగిపోకుండా ఒక పుస్తకంలో పెట్టిందట. ఆ పుస్తకం కాస్తా లైబ్రరీది. తిరిగి ఇచ్చేసింది. వెళ్లి వెతికితే పుస్తకం ఉంది, కార్డు లేదు.

"ఇంకోటి ఇస్తారా?" అని అడిగింది.

గువ్వ డ్రాయర్‌లోంచి ఒక కార్డు తీసి, వెనక్కి తిప్పి బల్ల మీద పెట్టింది. ఆ వాక్యం కింద వేలు పెట్టి, టీచర్ చదివినట్టు పైకి చదివింది.

"రూల్ అంటే రూల్. నీకిస్తే అందరికీ ఇవ్వాలి. అయినా నువ్వు పోగొట్టుకోవడం ఇదేమన్నా మొదటిసారా?" అంది.

పరధ్యానం వాదించలేదు. "సరేలే" అంది. అద్దాల తలుపులోంచి సారెల వైపు కాసేపు చూసింది. తర్వాత తలుపు చప్పుడు కాకుండా మెల్లగా మూసి వెళ్లిపోయింది.

గువ్వకి గర్వంగానే అనిపించింది. దుకాణాన్ని తనే కాపాడినట్టు కాస్త నిటారుగా కూర్చుంది.

సాయంత్రం షట్టరు దించే ముందు, జరిగినదంతా అమ్మకి చెప్పింది. మెచ్చుకుంటుందని అనుకుంది. అమ్మ చేతులు తుడుచుకుంటూ, ఆ పిల్ల నాన్న ఏం పని చేస్తాడని అడిగింది. లారీ డ్రైవర్ అని చెప్పగానే స్టూలు మీద కూర్చుండిపోయింది.

ఆయన అమ్మకి బాగా గుర్తున్నాడు. వానలో వచ్చాడు. నేల పాడవుతుందని తడిసిన చెప్పులు బయటే విడిచాడు. తనవి లారీ తిప్పే మోటు చేతులని, తన కూతురివి బొమ్మలు గీసే చేతులని చెప్పాడు. నెలలో రెండు రోజులే, ఈసారి ఈ శని, ఆదివారాలే ఇంట్లో ఉంటానని, కూతురు పాత్ర చేస్తుంటే పక్కన కూర్చుని చూడనిస్తారా అని అడిగాడు.



"నాకు తెలియదు కదమ్మా" అంది గువ్వ.

"తెలియదు. అందుకే అడగాలి. ఎవరిచ్చారు, ఎప్పుడిచ్చారు అని ఆ పిల్లని ఒక్క మాట అడిగినా, లోపలికొచ్చి నన్ను పిలిచినా సరిపోయేది."

"మరి నర్సు గారి విషయంలో ఏమైంది? నువ్వు ఇచ్చావు కాబట్టే కదా పోస్టుమాస్టరు తాతగారు రావడం మానేశారు?"

బట్టీ చల్లారుతూ టిక్కుటిక్కుమంటోంది.

"అక్కడ పొరపాటు నాది" అంది అమ్మ. "కొత్తది ఇచ్చేటప్పుడు, పాతది ఇక చెల్లదని ఆవిడకి చెప్పలేదు. కార్డుల మీద నంబర్లు వేసుకుని ఉంటే నాకూ తెలిసేది. నా అజాగ్రత్తకి ఆ పిల్లకి శిక్ష వేస్తే ఎలా? వాళ్ల నాన్న మన దగ్గర కాగితం కొనలేదు గువ్వా. కూతురికి ఒక పూట సారె ఇస్తామన్న మాట కొన్నాడు. కాగితం పోయింది. మాట మన దగ్గరే ఉంది కదా."

"అయితే ఎవరొచ్చి అడిగినా ఇచ్చేయాలా?"

"అలా ఇస్తే దుకాణం మూసుకోవాల్సిందే. ఎవరు కొన్నారో ఎంత అడిగినా తేలకపోతే, నేనూ కుదరదనే చెబుతాను. చెప్పడానికి కష్టంగానే ఉంటుంది. కానీ విన్నాకే చెబుతాను."

గువ్వ బల్ల అంచుకి అంటిన ఎండు మట్టిని వేలితో రాలుస్తూ కూర్చుంది. వెళ్లి చెప్పమని అమ్మ అనలేదు.

"రేపు ఆదివారం. మనకి సెలవు" అంది గువ్వ కాసేపటికి.

"నువ్వు వాళ్లని తీసుకొస్తే తెరుస్తాను."

మర్నాడు పొద్దున గువ్వ కొత్త కార్డు తీసుకుని బయలుదేరింది. పరధ్యానం వాళ్లు సైకిల్ షాపు పైన ఉంటారని తెలుసు. ఏం చెప్పాలో దారి పొడుగునా వల్లె వేసుకుంది.

సందు చివర లారీ ఆగి ఉంది. పొడుగాటి మనిషి బంపర్ మీద నిలబడి అద్దం తుడుస్తున్నాడు. కింద బకెట్ పట్టుకుని పరధ్యానం నిలబడి ఉంది. గువ్వని చూడగానే ఆమె ముఖం పాలిపోయింది.

గువ్వ తానెవరో చెప్పింది. ఆయన నవ్వుతూ కిందికి దిగాడు.

"మీ దుకాణానికే వద్దామనుకున్నామమ్మా. నిన్న సాయంత్రం బయలుదేరదామంటే మా అమ్మాయికి కడుపునొప్పి అట. నేనేమో ఈ రాత్రికే మళ్లీ బండెక్కాలి" అన్నాడు.

ఆయన భుజం వెనక నుంచి పరధ్యానం గువ్వ వైపే చూస్తోంది. చెప్పొద్దని ఆ కళ్లు బతిమాలుతున్నాయి. 'మీ అమ్మాయి కార్డు పోగొట్టుకుంది కదా' అన్న మాట గువ్వ నాలుక చివరిదాకా వచ్చింది. దారి పొడుగునా వల్లె వేసుకున్నది ఆ మాటతోనే మొదలవుతుంది. గువ్వ దాన్ని మింగేసింది.

"నిన్న మధ్యాహ్నం తను మా దుకాణానికి వచ్చింది అంకుల్. నేనే తను చెప్పింది సరిగ్గా వినకుండా పంపేశాను. తప్పు నాది. మీరు వస్తే అమ్మ ఇవాళ దుకాణం తెరుస్తానంది. మీ ఇద్దరికీ చోటుంది."

అని కార్డు చాచింది.

ఆయన కార్డు వైపు చూశాడు. తర్వాత కూతురి వైపు చూశాడు. ఆయన ఏమీ అడగకముందే పరధ్యానం బకెట్ కింద పెట్టింది.

"నువ్విచ్చింది పోగొట్టాను నాన్నా. కడుపునొప్పి అబద్ధం."

ఆయన చేతిలోని గుడ్డను రెండుసార్లు పిండాడు. రెండోసారి అందులో నీళ్లేమీ మిగల్లేదు.

"కార్డు పోతే పోయింది. కడుపునొప్పి అన్నావని రాత్రంతా నిద్రపోలేదు తల్లీ" అన్నాడు. ఆమె తల మీద తడి చెయ్యి వేశాడు.

ఆ పూట అమ్మ తండ్రీకూతుళ్లని పక్కపక్క సారెల ముందు కూర్చోబెట్టింది. కూతురి చేతుల్లో మట్టి వినయంగా పైకి లేచి, సన్నని మెడ ఉన్న కూజా అయింది. తండ్రి చేతుల్లో నాలుగుసార్లు కుప్పకూలింది. ఐదోసారి నిలబడిందే కానీ, అది కప్పో దీపమో ఎవరూ తేల్చలేకపోయారు. ఆయన మాత్రం అది లారీ హారన్ అని తేల్చాడు. అందరికంటే గట్టిగా గువ్వే నవ్వింది. నవ్వుతూనే, క్లాసులో అందరూ మరిచిపోయిన ఆ అమ్మాయి అసలు పేరుతో పిలిచి, నీళ్ల గిన్నె ఇటు ఇవ్వమంది.

మరో రెండు వారాలు గడిచాయి. మధ్యాహ్నం వేళ, భుజాన పనిముట్ల సంచీతో ఒక ఎలక్ట్రీషియన్ దుకాణంలోకి వచ్చాడు. తనకి బహుమతిగా వచ్చిన కార్డు ఎక్కడో పడిపోయిందన్నాడు. అడగడానికే మొహమాటపడుతూ గుమ్మంలోనే నిలబడ్డాడు.

గువ్వ ఆయన్ని ఎప్పుడూ చూడలేదు. చెప్పేది నిజమో కాదో తెలియదు. కార్డు వెనక వాక్యం చూపించడానికి డ్రాయర్ వైపు వెళ్లబోయిన చెయ్యి ఆగింది.

ఆమె బల్ల వెనక నుంచి ఇవతలికి వచ్చి, ఆయన కోసం స్టూలు జరిపింది.

"కూర్చోండి. ఆ కార్డు మీకు ఎవరిచ్చారో, ఎప్పుడిచ్చారో చెప్పండి. అమ్మని కూడా పిలుస్తాను" అంది.