నీళ్లు పోయరాదు

“ఈసారికి ఇంకెవరినైనా పంపండి మేడమ్.”

తొమ్మిదేళ్ల సర్వీసులో ఏజెంట్ మార్టిన్ నోట ఈ మాట రావడం అదే మొదలు. విజయవాడలో మోటారు పంపుల దుకాణం పైన ఉన్న ఆఫీసులో, చీఫ్ యశస్విని ఫైలులోంచి తలెత్తి అతన్ని చూసింది. కింద బోర్డు మీద ‘రిపేర్లు చేయబడును’ అని ఉంటుంది. పైన జరిగేది కూడా దాదాపు అదే.

“నూజివీడు ఏరియా నీకు తెలిసినట్టు మన వింగ్‌లో ఎవరికీ తెలియదు. కూర్చో.”

అందుకే వద్దంటున్నానని చెప్పాలనుకుని చెప్పకుండానే కూర్చున్నాడు.

బ్రీఫింగ్ నాలుగు నిమిషాల్లో అయిపోయింది. కోస్తా నుంచి తెలంగాణ సరిహద్దు దాటే డీజిల్ పైప్‌లైను ఒకటి చాట్రాయి మామిడి తోటల కింద నుంచి పోతుంది. వచ్చే సోమవారం మన దేశం పొరుగు దేశంతో ఒక ఒప్పందం మీద సంతకం పెట్టబోతోంది. సరిహద్దు దాటించి పైపు ద్వారా డీజిల్ పంపాలి. పొరుగు దేశం అడిగింది ఒక్కటే, మీ పైపులు సేఫ్ అని నిరూపించమని. ఓడల్లో డీజిల్ అమ్ముకునే ఒక విదేశీ ముఠాకి ఈ ఒప్పందం గొంతులో ముల్లు. ఆ ముఠా కోడ్ నేమ్ ఆర్కిడ్.

“పోయిన నెల పోర్టు దగ్గర నాలుగు టన్నుల కాల్షియం కార్బైడ్ మాయమైంది” అంది యశస్విని. “కాగితాల్లో సున్నం అని రాశారు. అది నీ ఏరియాలోకి వచ్చింది. నీళ్లు తగిలితే ఏమవుతుందో నీకు చెప్పక్కర్లేదు.”

నిజంగానే చెప్పక్కర్లేదు. నిప్పురవ్వ తగిలితే పేలే గ్యాసు పుడుతుంది. మార్టిన్ చూపు బల్ల మీద నుంచి లేవలేదు.

“టార్గెట్ స్టోన్ నంబర్ 214. ఎక్కడ రాయి ఉంటే అక్కడే పైపు. నువ్వు మామిడికాయల వ్యాపారివి, పేరు ప్రభుదాసు. ఆర్కిడ్‌లో మన మనిషి ఒకామె ఉంది, సింధూర. ఆమె నిన్ను కలుస్తుంది. ఇంకో మాట. అదే తోటలో ప్యాకింగ్ షెడ్డు ఉంది. పద్దెనిమిది మంది ఆడవాళ్లు పనిచేస్తుంటారు. వాళ్లకి ఏమీ తెలియనివ్వకు. కలకలం రేగితే పిట్టలు ఎగిరిపోతాయి. షెడ్డు రాయికి నూట ఇరవై మీటర్ల దూరం. వాళ్లు సేఫ్.”

“వాళ్లకి ఒక మాట చెప్పడం న్యాయం కదా మేడమ్?”

“పని అయ్యాక చెబుదాం.”

 మూడేళ్ల కిందట ఇంచుమించు ఈ మాటే మార్టిన్ రాయప్పతో ఫోన్‌లో అన్నాడు.

రాయప్పది చాట్రాయి. లారీ డ్రైవరు. దొంగ కార్బైడ్ రవాణా చేసే గుంపులో మార్టిన్ పెట్టుకున్న ఇన్‌ఫార్మర్. ప్రమాదకరమైన సరుకు ఎక్కించిన బండికి ముందూ వెనకా హెచ్చరిక బోర్డు ఉండాలని గవర్నమెంటు రూలు. దొంగసరుకుకి బోర్డు ఎవడు పెడతాడు? రాయప్పకి మాత్రం భయం వేసింది. “ఒక చిన్న అట్టముక్క మీదైనా రాసి కట్టుకుంటా సార్” అని అడిగాడు. “వద్దు. వాళ్లకి అనుమానం వస్తుంది. ఈ ఒక్క ట్రిప్పు. పని అయ్యాక చూద్దాం” అన్నాడు మార్టిన్. సొంత ఊరి మలుపులోనే లారీ పక్కకి ఒరిగింది. క్యాబిన్‌లో కాలు ఇరుక్కుపోయింది, ఇంజన్ దగ్గర చిన్న మంట. ఊరంతా బిందెలతో పరిగెత్తుకొచ్చారు. పాపం, మంచి మనసుతోనే వచ్చారు. బోర్డు ఉంటే ఒక్కరు కూడా నీళ్లు పోసేవారు కాదు, రాయప్ప మిగిలేవాడు.

ఆ గుంపు దొరికింది. మార్టిన్‌కి మెడల్ వచ్చింది. దాన్ని అతను బీరువాలో చొక్కాల కింద పెట్టాడు.

* * *

బంగారు ఫ్రేము కళ్లజోడు, అతికించిన మీసం, తెల్ల చొక్కా, చేతిలో చిన్న బ్యాగు. కళ్లజోడులో కెమెరా, గుండీలో మైకు, జేబులో ఇనుము కోసే పెన్ను. కూలీల వేషంలో ముగ్గురు కమాండోలు. మంగళవారం పొద్దున ప్రభుదాసు తోటలో దిగేసరికి, తోట యజమాని దశరథరామయ్య రసాల చెట్టు కింద నిలబడి చిక్కంతో కాయలు కోయిస్తున్నాడు. పొడవాటి వెదురు కర్ర చివర కత్తి, దాని కింద వల. కాయ నేలకి తగలకుండా వలలో పడుతుంది.

“ఆ పచ్చరంగు రాయి ఏంటండీ?” అన్నాడు మార్టిన్ ఏమీ ఎరగనట్టు.

“అదా, పైపులైను రాయండీ. గవర్నమెంటు పాతింది” అన్నాడు దశరథరామయ్య. అని, మార్టిన్ బూట్ల వైపు ఒకసారి చూశాడు. “తమరు నిజంగా కాయల కోసమే వచ్చారు కదండీ?”

“మరి దేనికొస్తానండీ?”

పెద్దాయన నవ్వాడు కానీ ఆ నవ్వు సరిగ్గా రాలేదు.

షెడ్డులో ఆడవాళ్లు వరిగడ్డి పరిచి డబ్బాల్లో కాయలు సర్దుతున్నారు. మేస్త్రీ పేరు విని మార్టిన్ గుమ్మంలోనే ఆగిపోయాడు. విజయరాణి. రాయప్ప భార్య. ఫైలులో ఆ పేరు లేదు, పద్దెనిమిది అనే అంకె మాత్రమే ఉంది. ఆమె అతన్ని ఎప్పుడూ చూడలేదు. చూసి ఉంటే ఈ మీసం అడ్డం వచ్చేది కాదు.

“కొంచెం మంచినీళ్లు ఇస్తారా అమ్మా?”

“అక్కడ కుండ ఉందండీ. మీరే ముంచుకోండి” అంది, కాయల మీద నుంచి చూపు తిప్పకుండా.

ఇంటికొచ్చిన మనిషికి నీళ్లు అందించని ఊరు కాదు అది. పక్కనున్న రిబ్కమ్మ సర్దిచెప్పింది. “ఏమీ అనుకోకండి బాబూ. మూడేళ్ల నుంచి ఆవిడ బిందె ముట్టదు. వాళ్లాయన లారీలో ఇరుక్కుపోయినప్పుడు మొదటి బిందె పోసింది ఈవిడే. నా చేతులతో నేనే చంపుకున్నా అంటుంది.”

మార్టిన్ కుండ దగ్గరికి వెళ్లాడు, తాగలేదు. మూడేళ్లుగా ఈ మనిషి మోస్తున్న బరువు తనది. ఒక్క మాటతో దింపొచ్చు. ఆ మాట అఫీషియల్ సీక్రెట్ అని తనకి తను చెప్పుకుంటూ వచ్చాడు. అది సీక్రెట్ కాదు, పిరికితనం. అది అతనికి బాగా తెలుసు.

* * *

బుధవారం, విస్సన్నపేట మామిడి మార్కెట్. ట్రాక్టర్ల మధ్యలోంచి నీలం పట్టుచీర, నల్లకళ్లద్దాలు నడిచొచ్చాయి. కాయలు ఏరుతున్న మగవాళ్లు నలుగురు ఒకేసారి తప్పు ధర చెప్పారు.

“ఈ ఏడు పూత ఎలా ఉందండీ?” అందామె.

“బాగానే వచ్చింది. సగం మంచు తినేసింది” అన్నాడు మార్టిన్.

కోడ్ కలిసింది. సింధూర ఒక రసం కాయ తీసుకుని వేళ్లతో మెత్తగా నొక్కుతూ మాట్లాడింది. ఎక్స్‌పోర్ట్ కంపెనీ పేరుతో ఆ షెడ్డు అద్దెకి తీసుకున్నది ఆమే.

“రేపు పొద్దున తొమ్మిదికి. టైమర్ ఏమీ లేదు, వెతక్కండి. మీ గవర్నమెంటే బటన్ నొక్కుతుంది.”

“అంటే?”

“నేను చెప్పగలిగింది అంతే. నాకు వాళ్లూ జీతమిస్తున్నారు కదా.” కళ్లద్దాలు సర్దుకుంది. “షెడ్డు వైపు మాత్రం వెళ్లకండి.”

షెడ్డులో ఆర్కిడ్ కళ్లున్నాయని హెచ్చరిస్తోంది కాబోలు అనుకున్నాడు మార్టిన్. అక్కడే పొరబడ్డాడు.

* * *

గురువారం, ఎనిమిదీ నలభై. రెండు రోజులు కాపలా కాసినా 214 రాయి దగ్గరికి పిట్ట కూడా రాలేదు. కమాండోలు చుట్టూ తవ్వారు. నాలుగడుగులు, ఆరడుగులు. పైపు లేదు. కార్బైడ్ లేదు. మట్టి, వేళ్లు. ఫోన్ తీస్తే సిగ్నల్ లేదు. జామర్. అంటే వాళ్లు దగ్గర్లోనే ఉన్నారు.

పక్క తోటలో ఎవరో కేకేశారు. “ఒరేయ్, తొమ్మిదికి త్రీఫేజు ఇస్తాడు, ఆటో వేశావా?”

మార్టిన్‌కి అప్పుడు వెలిగింది. వ్యవసాయం కరెంటు. ఇక్కడ ప్రతి మోటారుకీ ఆటో స్టార్టర్ ఉంటుంది. కరెంటు రాగానే దానంతటదే మోటారు వేస్తుంది, నీళ్లు పారతాయి. రైతు ఇంట్లో కాఫీ తాగుతుంటాడు. కార్బైడ్ గుంటలోకి ఒక పైపు వదిలితే చాలు, బటన్ నొక్కేది కరెంటు ఆఫీసే. కానీ ఏ మోటారు? కనుచూపు మేర మోటార్లే. అసలు డీజిల్ పైపు ఎక్కడుందో తెలిస్తేగా?

దశరథరామయ్య గుంట చూసి పంచె ఎగ్గట్టి వచ్చాడు. లోడు సంగతి అడగడానికి విజయరాణి కూడా వెనకే వచ్చింది.

“ఈ రాయి మొదటి నుంచీ ఇక్కడే ఉందా రామయ్యగారూ?”

“గవర్నమెంటు రాయి నేనెందుకు ముట్టుకుంటానండీ?” అన్నాడు పెద్దాయన, చెట్ల వైపు చూస్తూ.

ఆ చూపు మార్టిన్‌కి కొత్త కాదు. రోజూ గడ్డం గీసుకుంటూ అద్దంలో చూసేదే. బెదిరిస్తే ఈ మనిషి ఇంకా బిగుసుకుంటాడు. టైము ఎనిమిదీ నలభై ఏడు. మార్టిన్ మీసం పీకేశాడు.

“నేను పోలీసు లాంటివాణ్ణి. పేరు మార్టిన్. విజయరాణిగారూ, రాయప్ప ఫోన్‌లో మాట్లాడే సార్ నేనే. బోర్డు కట్టుకుంటానని ఆయన అడిగాడు. వద్దన్నది నేను. బోర్డు ఉంటే మీరు నీళ్లు పోసేవారు కాదు. చంపింది మీరు కాదు, నేను. ఇది మూడేళ్ల కిందటే మీ ఇంటికొచ్చి చెప్పాలి. భయపడి చెప్పలేదు.”

విజయరాణి చేతిలో కొంగు చివర ముడి పడిపోయింది.

“ఇప్పుడు కూడా ఎవరో ఒకరు నిజం దాస్తే” మార్టిన్ పెద్దాయన వైపు తిరిగాడు, “ఇంకో పదమూడు నిమిషాల్లో మనుషులు పోతారు. కేసు సంగతి నేను చూసుకుంటాను.”

దశరథరామయ్య రాయి మీద చెయ్యి వేశాడు. “రెండు రాళ్లు జరిపానండీ. పైపు మీద చెట్టు ఉండకూడదు, కట్టడం ఉండకూడదన్నారు. ముప్పై ఏళ్ల రసాల చెట్లు, కొట్టలేక... లైను చూడ్డానికొచ్చే మనిషి కూడా రాళ్లు లెక్కెట్టుకుని పోతాడు. తర్వాత ఖాళీ జాగా కదా అని షెడ్డు వేశా.” ఎగ్గట్టిన పంచె వదిలేశాడు. “పైపు షెడ్డు కిందుందండీ.”

ఆర్కిడ్ దగ్గర భూమిలో పైపు కనిపెట్టే డిటెక్టరు ఉంది. మార్టిన్ దగ్గర గవర్నమెంటు మ్యాపు ఉంది. సింధూర చెప్పిన మాటకి అర్థం ఇప్పుడు తెలిసింది. ఆమె జాలిపడింది అతని ఒక్కడి మీదే.

అందరికంటే ముందు పరిగెత్తింది విజయరాణి.

“కాయలు వదిలేయండి. అందరూ వాగు దాకా పరిగెత్తండి” అని ఆమె అరుస్తుంటే, కమాండోలు ఆడవాళ్లను బయటికి తోశారు. కాయలు కడిగే తొట్టి వెనక పలకలు లేపితే కింద వరసగా డ్రమ్ములు, మూతలు తీసి ఉన్నాయి. తొట్టి మోటారు నుంచి కొత్త గొట్టం ఒకటి ఆ గుంటలోకి దిగింది. ప్లాస్టరు వేసి పూడ్చారు, చేత్తో ఊడే రకం కాదు. ఆటో స్టార్టర్‌కి ఉక్కు పెట్టె, దానికి విదేశీ తాళం.

ఎనిమిదీ యాభై ఎనిమిది. మార్టిన్ పెన్ను తీసి తాళం కోయడం మొదలుపెట్టాడు. సగం కూడా తెగలేదు. కరెంటు ఆఫీసువాళ్లు జీవితంలో మొదటిసారి ఒక నిమిషం ముందే ఇచ్చారు. పెట్టె పైన ఎరుపు, పసుపు, నీలం దీపాలు మూడూ వెలిగాయి. దీపాలు వెలిగాక స్టార్టర్ అరనిమిషం ఆగి మోటారు వేస్తుంది.

“మీటరు బోర్డు ఎక్కడ రామయ్యగారూ?” అరిచాడు మార్టిన్.

“మీటరు లేదండీ” అన్నాడు పెద్దాయన గుమ్మంలోంచి, ఏడుపు గొంతుతో. “వైర్ల మీద కొక్కేలు వేశా.”

విజయరాణి చెట్టుకి ఆనించిన చిక్కం అప్పటికే అందుకుంది. ఎండిన వెదురు. రోజుకి వెయ్యి కాయలు తెంపే చేతులు. తలెత్తి ఒక్కసారి గురి చూసి, చివర ఉన్న కొక్కేన్ని కాయని తెంపినట్టు తీసేసింది. నీలం దీపం ఆరిపోయింది. ఒక్క ఫేజు లేకపోయినా ఆటో స్టార్టర్ మోటారు వేయదు. పెట్టెలో కటక్ మని ఒక చప్పుడు వచ్చి ఆగిపోయింది. మార్టిన్ గొట్టానికి చెవి ఆనించాడు. నీళ్ల చప్పుడు లేదు.

* * *

జామర్‌తో పాటు ఆర్కిడ్ మనుషులు ఇద్దరు వాగు అవతల పంపు గదిలో దొరికారు. సింధూర విమానాశ్రయానికి బయల్దేరి విస్సన్నపేట మార్కెట్ దగ్గర మామిడి ట్రాక్టర్ల మధ్య చిక్కుకుంది. “ముందు నలభై, వెనక అరవై. ఇంత సెక్యూరిటీ ఏ దేశంలోనూ చూడలేదు” అని బేడీలు వేయించుకుంది.

“ఆ పెద్దాయన మీద ఎన్ని కేసులు?” ఫోన్‌లో అడిగింది యశస్విని.

“రాళ్లకి ఒకటి, షెడ్డుకి ఒకటి, కొక్కేలకి ఒకటి మేడమ్. మూడోది మాత్రం ఆయన తరఫు సాక్ష్యంగా వాడుకోవాలి. కొక్కెం లేకపోతే మనకి పైపు మిగిలేది కాదు. నాలుగోది నా మీద రాయండి. రాయప్పది.”

అవతల ఫైలు మూసిన చప్పుడు వినిపించింది. “రాతపూర్వకంగా పంపు” అంది యశస్విని.

మధ్యాహ్నానికి డ్రమ్ములకి మూతలు బిగించి, పొడి లారీలోకి ఎక్కించారు. బోర్డు కోసం నూజివీడు నుంచి మనిషి రావాలన్నారు. మార్టిన్ ఆగలేదు. కాయల డబ్బా చెక్క ఒకటి ఊడదీసి, రంగు డబ్బా ముందేసుకుని నేల మీద కూర్చున్నాడు. విజయరాణి వచ్చి పక్కన నిలబడింది. పొద్దుటి నుంచి అతనితో ఒక్క మాట మాట్లాడలేదు.

“పెద్దక్షరాలతో రాయండి” అంది. “మా ఆయన లాంటివాళ్లు చదివింది ఐదో తరగతే.”

‘ప్రమాదం. నీళ్లు పోయరాదు’ అని రాశాడు. రెండు వైపులకీ రెండు చెక్కలు. అక్షరాలు వంకరగా వచ్చాయి, కళ్లకి అడ్డంగా తడి ఉండటం వల్ల. తుడుచుకుని తలెత్తేసరికి, ఆమె కుండలో ముంచిన చెంబు పట్టుకుని ఉంది. అంచు దాకా నింపింది, అయినా నీళ్లు ఒలకలేదు.

క్షమించానని ఆమె అనలేదు. అతను అడగలేదు కూడా. చెంబు కోసం చెయ్యి చాచాడు.

ఆమె చెంబు వెనక్కి తీసుకుంది.

“బోర్డు రాశారు కదా సార్, చదువుకోరా? లారీకి దూరంగా వచ్చి తాగండి.”