బొట్టు పెట్టిన డ్రాయింగు

విశ్వకర్మ పూజ మర్నాడు పొద్దున్నే దాలమ్మ సువర్ణరేఖ ఏటి ఒడ్డున భుయ్యాడీహ్‌లోని తమ ఇంటి గుమ్మంలో కూర్చుని, ఒక చేత్తో ప్రసాదం బూందీ తింటూ రెండో చేత్తో ఫోను చూసుకుంటోంది. ఫోన్లో ఆమె కొడుకు చంద్రశేఖర్ కొత్త చొక్కా వేసుకుని తన మిషను పక్కన నిలబడి ఉన్నాడు. మిషనుకి బంతిపూల దండలు, ముందు కొబ్బరికాయలు. ఆ ఫోటోని నిన్న సాయంత్రమే కుటుంబం గ్రూపులో పెట్టాడు. అప్పటినుంచి ఆమె దాన్ని ఎన్నిసార్లు చూసిందో ఆమెకే తెలీదు.

"రోహిణీ, ఇలా రా. నా కొడుకు మొకం ఎలా ఎలిగిపోతందో సూడు!" అంటూ రెండు వేళ్లతో ఫోటోని పెద్దది చేసింది.

టిఫిన్ డబ్బాలు సర్దుతున్న కోడలు నవ్వుతూ వంగి చూసింది. దాలమ్మ వేలు జారి, బొమ్మ కొడుకు మొహం దాటి వెనకనున్న బోర్డు మీదికి పోయింది. రోహిణి నవ్వు అక్కడే ఆగిపోయింది.

మొగుడూ పెళ్లాలిద్దరూ ఊరవతల గమ్హరియాలో ఒకే కంపెనీలో పని చేస్తారు. రాడార్లలో వాడే భాగాలు తయారుచేసే కంపెనీ అది. అతను మిషను మీద, ఆమె ఆఫీసులో. సరుకు దేశం దాటే ముందు ఎవరు కొంటున్నారు, దేనికి కొంటున్నారు, సర్కారు అనుమతి ఉందా అని చూడటం ఆమె పని. మా కోడలు ఊఁ అనకపోతే లారీ కదలదని వీధంతా చెప్పుకుని మురిసిపోయేది దాలమ్మే.

"ఏవండీ, ఒకసారి ఇలా రండి. ఈ బోర్డు మీద డ్రాయింగు తియ్యలేదా?"

చంద్రశేఖర్ తల తుడుచుకుంటూ వచ్చాడు. మామూలు రోజుల్లో ఫోన్లు గేటు దగ్గరే వదిలెయ్యాలి. పూజ రోజు మాత్రం ఇంటిల్లిపాదీ లోపలికి వస్తారు, ఫోటోలు తీసుకుంటారు. అందుకే భాగాల కొలతలుండే డ్రాయింగులన్నీ ముందే తీసి బీరువాలో పెట్టెయ్యాలి.

"తీద్దామనే అనుకున్నాను. మనకి తిండెట్టేది ఆ కాయితమే కదా, దానికీ పూజ జరగాలని బొట్టెట్టి దండేసేను. పూజయ్యాక లోపలెట్టేసేను."

నిజంగానే కాగితం మూలమూలనా పసుపూ కుంకుమా ఉన్నాయి. మధ్యలో గీతలూ కొలతలూ చదువుకోవడానికి వీలుగా ఉన్నాయి.

"గ్రూపులో బాలాజీ ఉన్నాడు," అంది రోహిణి నీరసంగా.

బాలాజీ దాలమ్మ చెల్లెలి కొడుకు. మస్కట్‌లో ఉద్యోగం.

"ఉంటే ఏటి? మనోడే కదా," అంది దాలమ్మ.

"మనోడే అత్తా. కానీ ఉన్నది మస్కట్‌లో. సరుకు లారీలో వెళ్తేనే ఎగుమతి కాదు. డ్రాయింగు ఫోన్లో దేశం దాటినా ఎగుమతే. దానికీ అనుమతి ఉండాలి."

"అరే, ఛోడో నా, వదిలెయ్! ఇప్పుడే తీసేత్తాను. ఎవడు సూసేడు?" అన్నాడు చంద్రశేఖర్.

"నేను చూశాను. ఇప్పుడు తీసేస్తే దాచినట్టవుతుంది. మా పెద్దసారుకి చెప్పాలండీ."

దాలమ్మ చేతిలోని బూందీ నేలపాలయింది.

"మొగుడి మీద ఫిర్యాదు సేత్తావా? ఆడి ఉద్యోగం పోతే నీ కళ్లు సల్లబడతాయా? నీ గొప్ప సెప్పుకుని ఈదంతా తిరిగేను సూడు, నన్ననాలి!"

రోహిణికి కళ్లలో నీళ్లు తిరిగాయి. మాట మాత్రం తడబడలేదు.

"రేపు ఇంకెవరో చెప్తే ఉద్యోగంతో పోదత్తా, కేసవుతుంది. మనమే ముందు చెప్తే ఏదో దారి ఉంటుంది. నన్ను నమ్మండి."

ఆమె అక్కడే నిలబడి బాలాజీకి ఫోన్ చేసి, ఆ ఫోటో ఎవరికీ పంపొద్దని, తను చెప్పేదాకా చెరపొద్దని చెప్పింది. రోజూ మొగుడి బండి వెనక కూర్చుని వెళ్లే మనిషి, ఆ రోజు ఆటో ఎక్కింది.

దాలమ్మకి ఆ పగలు ముద్ద దిగలేదు. కోడలి మీద కోపం ఒక పక్క, ఫోటో పెద్దది చేసి చూపించిన తన వేళ్ల మీద కోపం ఇంకో పక్క. కొడుకు ఉత్త చేతులతో ఇంటికి వస్తాడేమోనని వీధివైపే చూస్తూ కూర్చుంది.

సాయంత్రం ఇద్దరూ ఒకే బండి మీద వచ్చారు. రోహిణి తలొంచుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది. చంద్రశేఖర్ తల్లి పక్కన కూలబడ్డాడు.

"ఉద్యోగం ఉందమ్మా. విచారణ అయ్యేదాకా మిషను ముట్టుకోవద్దన్నారు. సర్కారుకి కంపెనీయే తెలియపరుత్తాదట. మీ అంతట మీరొచ్చేరు కాబట్టి సరిపోయింది, బయట నుంచి తెలిత్తే నేను కాపాడలేకపోదును అన్నాడు సారు."

దాలమ్మ చేతులెత్తి దణ్ణం పెట్టుకుంది.

"ఇంకోటి ఇను. అది ముందు నా పేరు సెప్పలేదు."

"మరేటి సెప్పింది?"

"'నిన్న ఈ ఫోటో రాగానే దణ్ణం బొమ్మ పెట్టింది నేను. ఇలాంటివి పట్టుకోవడమే నా ఉద్యోగం, అయినా పట్టుకోలేదు. మొదటి తప్పు నాది సార్' అంది. అలాగంటే నీ ఉద్యోగానికే ముప్పు కదా అన్నాడాయన. తెలుసు సార్ అంది. ఆ తరవాతే నా పేరెత్తింది. ఎత్తి, నా పక్కకొచ్చి నిలబడిందమ్మా."

దాలమ్మ లేచి వంటింట్లోకి వెళ్లింది. బియ్యం కడుగుతున్న కోడలి తడిచేతులు పట్టుకుని భోరుమంది.

"నోరు జారేను తల్లీ. నా కొడుకుని నిలబెట్టేవు. నీ రుణం ఎలా తీర్సుకోను?"

"నాకూ భయమేసిందత్తా," అంది రోహిణి, ఆమె భుజం మీద తల ఆన్చి. "మీరు పెద్దది చేసి చూపించబట్టే కదా నాకు కనబడింది. మీకే నేను దణ్ణం పెట్టాలి."

అంతలో వీధిలో డప్పులు మోగాయి. కంపెనీ విశ్వకర్మ బొమ్మని సువర్ణరేఖలో నిమజ్జనానికి తీసుకెళ్తున్నారు. ముగ్గురూ మొహాలు కడుక్కుని ఊరేగింపు వెనకే ఏటి ఒడ్డుకి నడిచారు. చంద్రశేఖర్‌తో పనిచేసే ఆదిబాబు ఫోను పైకెత్తి ఫోటోకి నిలబడమన్నాడు.

"ఆగు నాయనా, ఆగు!" అని దాలమ్మ గట్టిగా అరిచింది. "రోహిణీ, మా యెనకాల ఏటుందో ముందు సూడు తల్లీ."

రోహిణి నిజంగానే వాళ్ల వెనక్కి వెళ్లి చూసి వచ్చింది. "ఏరే అత్తా. ఇంకేం లేదు."

"అయితే రా, నా పక్కన నిలబడు."

ఇంటికి రాగానే దాలమ్మ పక్కింటి పైడమ్మని కేకేసి, ఆదిబాబు పంపిన ఆ ఫోటోని రెండు వేళ్లతో పెద్దది చేసింది. ఈసారి బొమ్మ జారకుండా ఫోనుని ఒళ్లో ఆన్చి పట్టుకుంది.

"ఇలా రా పైడమ్మా. నా కోడలి మొకం ఎలా ఎలిగిపోతందో సూడు!"